ఐదో రోజున కదిలిన ఒంటిపెట్టె రైలు

(దివిసీమలో ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా ఉన్న మీకందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ చాలా పెద్ద మాటలు అన్నారు. అందులో సగం వేరే ఎవరికో చెందాలి. నేను రైల్వేలో పట్టాలు, కంకర, వంతెనలు చూసే వైపు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాల కోసం సెండైలో ఉంటున్నారు కాబట్టి జపాన్ వెళ్ళడం కుదిరింది. అంతకుమించి నా గొప్పేమీ లేదు.

కరపత్రంలో నా ప్రసంగానికి 'బుల్లెట్ రైళ్ళ దేశం' అని పేరు పెట్టారు. నన్ను అడిగి పెట్టి ఉంటే వద్దనేవాణ్ణి. జపాన్ అనగానే అందరికీ బుల్లెట్ రైలే కావాలి. దాని స్పీడెంత, ముక్కు ఎంత పొడుగు, నిమిషం కూడా ఆలస్యం కాదట కదా, ఇవే ప్రశ్నలు. నాకు అక్కడ మనసు పడ్డది వేరే రైలు. ఒకటే పెట్టె, డీజిల్ ఇంజను ఆ పెట్టె అడుగునే ఉంటుంది, స్కూలు పిల్లలూ ఆస్పత్రికి పోయే ముసలమ్మలూ ఎక్కుతారు. ఇవాళ దాని గురించే చెప్తాను. బుల్లెట్ రైలు కోసం వచ్చినవాళ్ళు ఏమీ అనుకోకండి, టీ ఇంకా రాలేదు కాబట్టి ఎలాగూ కూర్చోవాలి.

టోక్యోకి ఉత్తరాన, పసిఫిక్ వైపు ఒక తీరం ఉంది, సన్రికు అంటారు. అవోమోరి, ఇవాతే, మియాగి, ఈ మూడు రాష్ట్రాల సముద్రపు అంచు అది. మధ్యలో మియాకో అనే ఊరుంది. అక్కడి నుంచి ఉత్తరానికి పోతే తీరమంతా నిలువుగా కోసినట్టు కొండచరియలు, ఎందుకంటే అక్కడ నేల పైకి లేచింది. దక్షిణానికి వస్తే సముద్రం పాత నదీలోయల్లోకి చొచ్చుకొచ్చి రంపపు పళ్ళలాగా సన్నటి అఖాతాలు. ఒక్కో అఖాతం లోపల ఒక్కో ఊరు. బయట చల్లని ఒయాషియో, వెచ్చని కురోషియో ప్రవాహాలు రెండూ కలుస్తాయి, అందుకని చేపలకు కొదవలేదు. ఆల్చిప్పలు, సముద్రపు నాచు పెంపకం పెద్ద వ్యాపారం. నేల మాత్రం లేదు. వేసవిలో ఈశాన్యం నుంచి యమాసే అనే చలిగాలి వీచిందంటే వరి కంకి గట్టిపడదు, 1780ల్లో కరువుకి ఆ ప్రాంతమంతా ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి.

ఇంకో బాధ, ఒక ఊరికీ పక్క ఊరికీ మధ్య కొండ. అఖాతాన్ని చుట్టి కొండెక్కి దిగాలి. అందుకే ఒకప్పుడు పక్క ఊరికి పోవాలన్నా పడవే. నేల మీదే ఉన్నా అదొక దీవి అని జపాన్ వాళ్ళే అనేవారు. నదీపాయల మధ్య బతికే మీకు నేను దీన్ని వివరించక్కర్లేదు.

ఆ సన్నటి అఖాతం మూతి వెడల్పు, లోపలికి పోయేకొద్దీ ఇరుకు. సునామీ అల మూతి దగ్గర ఆరేడు మీటర్లున్నా, లోపలికి తోసుకొచ్చేసరికి పక్కకి పోయే దారి లేక పైకి లేస్తుంది. 1896 జూన్ 15, పండగ రాత్రి, భూమి కొద్దిగా ఊగిందంతే, ఎవరూ పట్టించుకోలేదు. అరగంటకి సముద్రం వచ్చింది. ర్యోరి అనే చోట నీళ్ళు 38 మీటర్ల ఎత్తుకి ఎక్కాయి. దాదాపు 22,000 మంది పోయారు. మళ్ళీ 1933 మార్చి 3, తెల్లవారుజామున, మంచు కురిసే చలిలో ఇంకో సునామీ, 3,000 మంది. 1960లో భూకంపం వచ్చింది చిలీలో. దాని అల పసిఫిక్ మొత్తం దాటి మర్నాడు ఇక్కడికొచ్చి ఒక్క ఓఫునాతోలోనే 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. మన ఉప్పెన తుఫానుతో వస్తుంది, రెండు రోజుల ముందు నుంచే గాలి చెప్తుంది. సునామీ అలా కాదు, ఆకాశం నిర్మలంగా ఉండగానే వస్తుంది.

సరే, రైలు. 1896 సునామీ వచ్చిన ఏడాదే ఈ తీరం వెంబడి రైలు వేస్తామని, కంపెనీ పెట్టుకోవడానికి అనుమతి ఇవ్వండని ఒక అర్జీ వెళ్ళింది. ఆ అర్జీ ఏమైందో రైల్వేలో పనిచేసిన నన్ను అడగకండి, అర్జీలు ఏమవుతాయో నాకు తెలుసు.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన కథ ఒకటి ఉంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. హారా తకాషి అని ప్రధానమంత్రి, 1918 నుంచి 1921 దాకా ఉన్నాడు. ఆయన సొంతూరు ఇవాతేలోని మోరియోకా. అక్కడి నుంచి కొండలు దాటి మియాకోకి లైను వేయించాలని పట్టుబట్టాడు. పార్లమెంటులో ఒకాయన లేచి, ఆ అడవిలో మనుషులే లేరు, కోతుల్ని ఎక్కిస్తారా అని వెటకారం చేశాడట. హారా తాపీగా లేచి, రైల్వే నిబంధనల ప్రకారం కోతుల్ని ఎక్కించుకోవడం కుదరదండీ అన్నాడట. ఇది నిజంగా జరిగిందా, తర్వాత ఎవరైనా కల్పించారా అన్నది పక్కన పెట్టండి, అక్కడివాళ్ళు మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ లైను మియాకో చేరింది 1934లో. హారా చూడలేదు. 1921 నవంబరులో టోక్యో స్టేషన్లోనే ఆయన్ని పొడిచి చంపారు.

కోతుల ప్రశ్న మాత్రం చావలేదు. నా సర్వీసులో దాన్ని రకరకాల భాషల్లో, రకరకాల ఫైళ్ళలో చూశాను. ట్రాఫిక్ జస్టిఫికేషన్ లేదు, అంటే ఎక్కే జనం చాలరు అంటారు. రేట్ ఆఫ్ రిటర్న్ రాదు, అంటే పెట్టిన డబ్బుకి తగ్గ రాబడి రాదు అంటారు. నేను పనిచేసిన ఒక సెక్షన్లో పొద్దునా సాయంత్రం నడిచే చిన్న ప్యాసింజరు ఉండేది. ఆదాయం లేదని మొదట సాయంత్రం బండి తీసేశారు, తర్వాత జనం ఎక్కడం లేదని పొద్దున బండీ తీసేశారు. సాయంత్రం తిరిగొచ్చే బండి లేకపోతే పొద్దున ఎవడు ఎక్కుతాడండీ? ఈ మాట నేను మీటింగులో అన్నాను. రాసుకున్నారు.

జపాన్లోనూ ఇదే వరస. తీరం వెంబడి లైను ముక్కలు ముక్కలుగా వేశారు, మధ్యలో ఖాళీలు. 1980లో చట్టం తెచ్చి, నష్టాల్లో ఉన్న చిన్న లైన్లన్నీ ప్రభుత్వ రైల్వే వదిలించుకోవాలన్నారు. ఈ తీరపు ముక్కలు మొదటి జాబితాలోనే ఉన్నాయి. అప్పుడు ఇవాతే రాష్ట్రం, ఊళ్ళ మునిసిపాలిటీలు, స్థానిక వ్యాపారులు కలిసి 1981లో సొంతంగా సన్రికు రైల్వే అని కంపెనీ పెట్టుకున్నారు. ఖాళీలు పూరించి 1984 ఏప్రిల్ 1న బండ్లు నడిపారు. వదిలేసిన ప్రభుత్వ లైన్లను అలా తీసుకున్న మొట్టమొదటి కంపెనీ దేశంలో అదే. అర్జీ పెట్టిన 88 ఏళ్ళకి రైలొచ్చింది. ఉత్తరాన మియాకో నుంచి కుజి 71 కిలోమీటర్లు, దక్షిణాన కమైషి నుంచి సకారి 36.6. మొదటి పదేళ్ళు లాభాలే వచ్చాయి. తర్వాత అందరికీ కార్లొచ్చాయి, ఊళ్ళో పిల్లలు తగ్గారు, నష్టాలు మొదలు.

అన్నట్టు కమైషి పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. 1857లో అక్కడి కొండల్లో ఓషిమా తకతో అనే ఆయన పడమటి దేశాల పద్ధతిలో కొలిమి కట్టి ఇనుము కరిగించాడు. ఆ ఇనుము కోసమే 1880లో గని నుంచి రేవుకి రైలు వేశారు. దేశంలో అప్పటికి టోక్యో వైపు ఒక లైను, ఒసాకా వైపు ఒక లైను, మూడోది ఇదీ. కోతులకి రైలెందుకు అన్న తీరం, జపాన్లో మూడో రైలు చూసిన తీరం, ఒకటే. దీని మీద ఇంకో గంట చెప్పగలను, కానీ అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు.

2011 మార్చి 11, మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలు. మీరు టీవీలో చూశారు, మళ్ళీ వర్ణించను. ఆ సమయానికి ఉత్తర లైన్లో ఒక బండి, దక్షిణ లైన్లో ఒక బండి నడుస్తున్నాయి. దక్షిణపు బండి సొరంగంలో ఆగింది, అందులోవాళ్ళు సొరంగంలోనే నడిచి క్షేమంగా బయటికొచ్చారు. ఉత్తరపు బండి కూడా ఎత్తు మీద ఆగి బతికింది. షిమానోకోషి అనే స్టేషను మాత్రం వంతెనతో సహా కొట్టుకుపోయింది.

మియాకోలో కంపెనీ ఆఫీసుకి కరెంటు లేదు. స్టేషన్లో ఆగి ఉన్న డీజిల్ పెట్టెలో ఇంజను వేస్తే లైటుంటుంది, వెచ్చగా ఉంటుంది. సిబ్బంది అంతా అందులోకి మారి దాన్నే కంట్రోలు ఆఫీసు చేసుకున్నారు. సునామీ హెచ్చరిక సడలించగానే, 13వ తేదీన, కంపెనీ అధ్యక్షుడు మోచిజుకి మసాహికో లైను చూడ్డానికి బయల్దేరాడు. రోడ్లన్నీ విరిగిన ఇళ్ళతో నిండిపోయాయి. జనం పట్టాల మీద నడుస్తున్నారు, మూటలు మోసుకుని, అయినవాళ్ళ కోసం. పట్టాల మీద నడిచి పోతున్నారంటే రైలు కావాలనేగా అర్థం? ముందు నడపగలిగినంత మేర నడుపుదాం అన్నాడు.

మార్చి 16. ఐదో రోజు. కుజి నుంచి రికుచూ-నోదా దాకా బండి కదిలింది. 20న మియాకో నుంచి తారో దాకా. టిక్కెట్టు లేదు, ఎవరైనా ఎక్కొచ్చు. గేట్లకు కరెంటు ఉండదు, సిగ్నల్ ఉండదు, ఊరంతా శవాల కోసం వెతుకుతున్నారు, ఆ మధ్యలో నెమ్మదిగా, హారన్ కొట్టుకుంటూ. పట్టాల పని చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఐదు రోజుల్లో ఒక సెక్షన్ని ఫిట్ అని సంతకం పెట్టడానికి ఎంత టెన్షన్ ఉంటుందో మీకు తెలియదు. కట్ట కింద నీళ్ళు తొలిచాయా, కంకర కింద బోలుగా ఉందా, మనిషి నడిచి చూడాల్సిందే. తోహోకు బుల్లెట్ రైలు పూర్తిగా తిరిగి నడిచింది ఏప్రిల్ 29న. అదీ గొప్పే, 50 రోజుల్లో చేయడం మాటలు కాదు, అక్కడి ఇంజినీర్లకు దణ్ణం పెడతాను. కానీ ఐదో రోజున తమ్ముడు బతికున్నాడో లేదో చూడ్డానికి పోయే మనిషిని ఆదుకున్నది ఒంటిపెట్టె.

ఇప్పుడు చెప్పండి, ఆ రోజు ఆదాయం సున్నా. దీన్ని ఏ పద్దు కింద రాస్తారు?

తారో పేరు చెప్పాను కదా, ఆ ఊళ్ళో పదిమీటర్ల గోడ ఉండేది, దాదాపు రెండున్నర కిలోమీటర్లు. 1933 తర్వాత మొదలుపెట్టి దశాబ్దాలు కట్టారు, చైనా గోడ అని దానికి ముద్దుపేరు. 2011లో అల గోడ మీదుగా దూకింది, కొంత గోడ విరిగింది కూడా. గోడ ఉంది కదా అని కదలనివాళ్ళు పోయారు. అదే ఉత్తరాన ఫుదాయ్ అనే పల్లె. వామురా కోతోకు అనే ఆయన అక్కడ చాలాకాలం సర్పంచి, మన లెక్కలో. ఆయన అలకి అడ్డంగా 15.5 మీటర్ల ఎత్తు గేటు కట్టాలన్నాడు, అంత ఎందుకు, డబ్బు దండగ అని కౌన్సిల్లో గొడవ. ఆయన వినలేదు. 1984లో, అదే రైలొచ్చిన ఏడాది, గేటు పూర్తయింది. 2011లో అల దాన్నీ దాటింది కానీ బలం చచ్చి దాటింది, ఊరు మిగిలింది. ఆయన అప్పటికే పోయాడు. జనం వెళ్ళి సమాధికి దణ్ణం పెట్టుకున్నారు. బతికుండగా తిట్టారు లెండి.

అనేయోషి అనే ఇంకో చిన్న పల్లెలో గోడ లేదు, రాయి ఉంది. ఈ రాయికి దిగువన ఇల్లు కట్టవద్దు అని చెక్కి ఉంది. 1896లో ఆ పల్లెలో మిగిలింది ఇద్దరు, 1933లో నలుగురు. అప్పుడు పైకి పోయారు, రాయి నాటారు. 2011లో అక్కడ నీళ్ళు దాదాపు 40 మీటర్లు ఎక్కి, రాయికి కిందే ఆగిపోయాయి. ఇళ్ళు ఒక్కటీ పోలేదు.

నేను రైలు వదిలి గోడల్లో పడ్డాను, వస్తున్నా.

2014 ఏప్రిల్ 5న దక్షిణ లైను, 6న ఉత్తర లైను మొత్తం తిరిగి తెరిచారు. దక్షిణ లైను కొత్త పెట్టెల మీద కువైట్ దేశపు చిహ్నం కనిపిస్తుంది. కువైట్ 50 లక్షల పీపాల ముడిచమురు జపాన్‌కి విరాళమిచ్చింది, ఆ డబ్బుతో కొన్నారు, కృతజ్ఞతలు అరబిక్‌లో కూడా రాసి ఉంటాయి. మా కోనసీమ, గోదావరి జిల్లాలవాళ్ళకి కువైట్ అంటే డ్రాఫ్టులు గుర్తొస్తాయి, నాకు ఇప్పుడు ఈ పెట్టె గుర్తొస్తుంది. షిమానోకోషి దగ్గర వంతెన బదులు మట్టికట్ట వేశారు, అల వస్తే అది కూడా ఒక అడ్డు అవుతుందని. ఇంజినీర్ని కాబట్టి ఆ కట్ట వాలు చూస్తూ అక్కడే చాలాసేపు నిలబడిపోయాను, అల్లుడు విసుక్కున్నాడు. హోరినాయ్ దాటాక ఓసావా వంతెన మీద, 30 మీటర్ల ఎత్తున, డ్రైవరు బండి ఆపి సముద్రం చూడమంటాడు. మిగతా చోట్ల మాత్రం కిటికీలోంచి సముద్రం కంటే కొత్త గోడలే ఎక్కువ కనబడతాయి. తారోలో ఇప్పుడు 14.7 మీటర్లు. అది నాకు నచ్చలేదు, కానీ నేను అక్కడ బతకడం లేదు.

అన్నీ బాగున్నాయని చెప్పను. మియాగి వైపు కెసెన్నుమా, ఓఫునాతో లైన్లలో తీరం వెంట ఉన్న భాగాలకి పట్టాలు తిరిగి రాలేదు. పట్టాల జాగాలో తారు వేసి బస్సులు నడుపుతున్నారు. 2020లో కాగితం మీద కూడా ఆ రైలు రద్దయింది. బస్సులు ఎక్కువ సార్లు తిరుగుతాయి, ఊరి మధ్యకి వస్తాయి, అది ఒప్పుకోవాలి. మధ్యలో మియాకో-కమైషి ముక్క, 55.4 కిలోమీటర్లు, మాత్రం సన్రికు రైల్వేకి అప్పగించారు. 2019 మార్చి 23 నుంచి సకారి నుంచి కుజి దాకా ఏకంగా 163 కిలోమీటర్లు ఒకే లైను. ఆ సెప్టెంబరులో కమైషిలో రగ్బీ ప్రపంచకప్ మ్యాచ్ ఆడారు, కొట్టుకుపోయిన రెండు బడుల స్థలంలో కట్టిన స్టేడియంలో, ఉరుగ్వే ఫిజీని ఓడించింది. ఆ వెంటనే అక్టోబరులో తుఫానొచ్చి లైను మళ్ళీ చాలాచోట్ల తెగింది. మళ్ళీ వేశారు, 2020 మార్చి 20న పూర్తిగా నడిచింది. నష్టాలున్నాయి, ఇంకా ఉంటాయి, రాష్ట్రమూ ఊళ్ళూ చేతి డబ్బు వేస్తున్నాయి.

చీటీ వచ్చింది, ముగించమని. ముగిస్తాను. 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు, ముందు వరసలోనే ఉన్నారు, నేను వాళ్ళకి చెప్పేదేముంది. మీరు బందరు-రేపల్లె లైను ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. ఈసారి అర్జీ రాసేటప్పుడు ప్రయాణికుల లెక్కతో పాటు, ఉప్పెన వచ్చిన ఐదో రోజున ఇక్కడి మనిషి ఏ దారిన బయటికి పోతాడో ఒక పేజీ రాసి జతచేయండి. కట్ట ఎత్తు ఎంతుండాలో, నీళ్ళు పోవడానికి తూములు ఎక్కడ పెట్టాలో ఆ భాగం నేను రాసిస్తాను. టీ దగ్గరే ఉంటాను, కాగితం కలం తెచ్చుకుని రండి.