శనివారం మూడింటికి మా ఆన్‌లైన్ క్విజ్, జిల్లాల ప్రశ్న తెచ్చిన గొడవ

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇక్కడ ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మధ్యాహ్నం పన్నెండు దాటింది. బయట ఎప్పట్లాగే తుంపర. ఈ రోజు మూడింటికి మా గ్రూప్ క్విజ్ ఉంది. ఆ క్విజ్ ఎలా నడుపుతారు, ప్రశ్నలు ఎక్కడి నుంచి తెస్తారు అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి వీడియో అంతా దాని మీదే. వంట చూపించను. పొద్దున పెట్టిన పప్పుచారు ఉంది, అప్పడాలు వేయిస్తే మా ఇంట్లో అందరికీ గడిచిపోతుంది.

ముందు ఈ క్విజ్ పిచ్చి ఎలా అంటుకుందో చెప్తాను. ఇంగ్లండ్‌లో పబ్ క్విజ్ అని ఒకటుంటుంది, 1970ల నుంచి ఊరూరా పాకిపోయింది. ఐదారుగురు ఒక టేబుల్ చుట్టూ చేరి, ఒక కాగితం, ఒక పెన్ను పెట్టుకుని, మైకులో అడిగే ప్రశ్నలకు గుసగుసలాడుకుంటూ జవాబులు రాస్తారు. మా ఆఫీసు వాళ్లు లాక్కెళ్లారు. ఫుట్‌బాల్ ప్రశ్నలు, వాళ్ల చిన్నప్పటి టీవీ ప్రోగ్రాముల ప్రశ్నలు, ఒక్కటంటే ఒక్కటి నాకు రాలేదు. జనరల్ నాలెడ్జ్ అంటారు గానీ, ఎవరి జనరల్ వాళ్లది అని అక్కడే అర్థమైంది. తర్వాత 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పబ్బులు మూసేశారు. లాంకషైర్‌లో డార్వెన్ అనే ఊళ్లో జే ఫ్లిన్ అనే ఆయన తన పబ్ స్నేహితుల కోసం ఆన్‌లైన్‌లో క్విజ్ పెట్టి, ఆ ఆహ్వానాన్ని పొరపాటున లోకమంతటికీ కనిపించేలా వదిలేశాడు. లక్షల మంది వచ్చి కూర్చున్నారు. మేమూ చూశాం. మనవాళ్లకు మనమే ఎందుకు పెట్టుకోకూడదు అన్నారు మా ఆయన. అనడం ఆయన పని, చేయడం నా పని, ఆ సంగతి మీకు తెలిసిందే.

ఇప్పుడు మా గ్రూప్‌లో ఇక్కడి వాళ్లు కొందరు, న్యూజెర్సీలో మా అక్క వాళ్లు, డాలస్‌లో రెండు మూడు కుటుంబాలు, చీరాలలో మా బాబాయ్, మెట్‌పల్లిలో మా అత్తమ్మ, మామయ్య. మూడింటికే ఎందుకంటే, మాకు మూడైతే న్యూజెర్సీలో పొద్దున పది, డాలస్‌లో తొమ్మిది, ఇండియాలో ఎండాకాలమైతే రాత్రి ఏడున్నర, చలికాలమైతే ఎనిమిదిన్నర. ఏడున్నరకు మా అత్తమ్మ సీరియల్ ఉంటుంది, అది వేరే యుద్ధం. మెల్‌బోర్న్‌లో ఉన్న మా కజిన్‌కి మాత్రం అర్ధరాత్రి అవుతుంది. ఆవిడ మర్నాడు ప్రశ్నలు చూసుకుని తనకు తనే మార్కులు వేసుకుంటుంది, ఎప్పుడూ ఫస్టే. ఇంకో తిరకాసు ఏంటంటే గడియారాలు మార్చుకోవడం. ఇక్కడ అక్టోబర్ ఆఖరి ఆదివారం వెనక్కి తిప్పుతాం, అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం. మధ్యలో వచ్చే ఆ శనివారం మాకు మూడైతే అక్కవాళ్లకు పది కాదు, పదకొండు. మార్చిలో అయితే ఈ తేడా రెండు మూడు వారాలు సాగుతుంది. అందుకే ఇదిగో, ఫ్రిజ్ మీద ఈ కాగితం.

ఇది నా ప్రశ్నల పుస్తకం. పసుపు మరకలు పట్టించుకోకండి. చాలామంది నెట్‌లో దొరికే వంద ప్రశ్నల చిట్టా తీసుకుని చదివేస్తారు. అలా చేస్తే పరీక్ష హాలులా ఉంటుంది గానీ క్విజ్‌లా ఉండదు. మన దేశంలో క్విజ్ ఆడేవాళ్లు వర్కవుటబుల్ అంటారు. అంటే జవాబు ముందే తెలియకపోయినా, ప్రశ్నలో ఉన్న ఆనవాళ్లు పట్టుకుని ఆలోచిస్తే దొరకాలి. ఉదాహరణకు, ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఏది అని అడిగితే తెలిసినవాడు చెప్తాడు, తెలియనివాడు ఫోన్ చూసుకుంటాడు. అదే ఇలా అడగండి: 1953 నుంచి 1956 దాకా మూడేళ్లు ఈ ఊరు రాజధాని. సరిపడా భవనాల్లేక ఆఫీసులు డేరాల్లో నడిచాయి. హైకోర్టు మాత్రం గుంటూరులో పెట్టారు. ఊరి మధ్యలో కొండారెడ్డి బురుజు ఉంటుంది. ఇప్పుడు సినిమాలు చూసే పిల్లాడు కూడా బురుజు పట్టుకుని కర్నూలుకు వచ్చేస్తాడు. వచ్చాక వాడి ముఖం చూడాలి.

ఇప్పటి రాజధాని గురించి మాత్రం నేను అడగనండీ. గ్రూప్ మళ్లీ కలవొద్దా?

రెండు జవాబులున్న ప్రశ్నలు కూడా పక్కన పెట్టేస్తాను. ప్రపంచంలో పొడవైన నది ఏది? నైలు అనేవాళ్లున్నారు, అమెజాన్ అనేవాళ్లున్నారు, కొలిచేవాళ్లకే పేచీ. మన జాతీయ క్రీడ? హాకీ అని స్కూల్లో రాశాం, మార్కులు కూడా పడ్డాయి. ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని 2012లో కేంద్ర క్రీడల శాఖే సమాచార హక్కు కింద జవాబిచ్చింది. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబర్ 15న వచ్చిందని ఏళ్ల తరబడి చెప్పుకున్నాం. తర్వాత పాత పత్రికలు, సెన్సార్ కాగితాలు తవ్వితే 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. పాత పుస్తకం చదివినవాళ్లూ కరెక్టే అనుకుంటారు, కొత్తది చదివినవాళ్లూ కరెక్టే అనుకుంటారు. ఇలాంటివి అడిగామంటే మార్కుల లెక్క దగ్గర అన్నదమ్ములు విడిపోతారు.

కానీ ఒక్కోసారి ఆ గొడవే కావాలి. ఈ రోజు మూడో రౌండ్ అదే. ఉండండి, మూడవుతోంది, లాగిన్ అవ్వాలి. క్విజ్ జరిగేటప్పుడు రికార్డ్ చేయను, పెద్దవాళ్లు లుంగీల్లో కూర్చుంటారు, అందరి ముఖాలూ చూపించడం బాగోదు. అయ్యాక వచ్చి చెప్తా.

అయిపోయిందండీ. గొంతు పోయింది. ఈ టీ తాగుతూ చెప్తాను.

ముందు టీములు. ఇంటికొక టీము అంటే ఎప్పుడూ అదే ఇల్లు గెలుస్తుంది. అందుకని కలిపేస్తాం: ఇండియాలో ఒక పెద్దాయన, ఇక్కడో అమెరికాలోనో ఒక పిల్లాడు, మధ్య వయసు వాళ్లు ఒకరిద్దరు. మా మామయ్య టీములో డాలస్ పిల్లాడు పడ్డాడు. తాతగారి మెట్‌పల్లి తెలుగు ఆ పిల్లాడికి సగం అర్థం కాదు, పిల్లాడి ఇంగ్లీష్ తాతగారికి అసలు అర్థం కాదు. అయినా మొదటి రౌండ్‌లోనే ఇద్దరూ కలిసిపోయారు, పోట్లాటతో. గ్రహాలు ఎన్ని అని అడిగా. మామయ్య తొమ్మిది అన్నారు. పిల్లాడు ఎనిమిది, ప్లూటోను 2006లో తీసేశారు అన్నాడు. "ప్లూటో ఎవడు రా? సూర్యుడు, చంద్రుడు, రాహువు, కేతువు... తొమ్మిది. గుడికి పోలేదా నువ్వు?" అన్నారు మామయ్య. చివరికి పిల్లాడి మాటే రాసి, "మార్కు కోసం రాస్తున్న, ఒప్పుకున్నట్టు కాదు" అని నాకు విడిగా చెప్పారు.

జవాబులు ఎలా తీసుకుంటామంటే, ప్రతి టీము నుంచి ఒకరు నాకు ఒక్కదానికే కనపడేలా చాట్‌లో పంపుతారు. మొదట్లో ముందు నొక్కినవాళ్లకు ఎక్కువ మార్కులిచ్చే యాప్ వాడాం. పిల్లలకు భలే ఇష్టం. కానీ ఇక్కడ ఫైబర్ నెట్, చీరాలలో బాబాయ్ గారి సిగ్నల్ వరండాలో ఒక్క మూల మాత్రమే. ఆయన నొక్కింది నాకు చేరేసరికి తర్వాతి ప్రశ్న వచ్చేసేది. ఇప్పుడు వేగానికి మార్కుల్లేవు, అందరికీ నిమిషం. నిమిషం ఇస్తే గూగుల్ చూడరా అంటారు. చూడొచ్చు. బహుమతి ఏంటంటే వచ్చే వారం దాకా గ్రూప్ ఫొటోలో వాళ్ల టీము ఉంటుంది, అంతే. దానికోసం దొంగతనం చేసేవాళ్లు చేసుకోనీ. పైగా నేను అడిగేవాటిలో సగం వెతికితే దొరకవు. కొండపల్లి బొమ్మ తీసి తల మాత్రం చూపించి ఏ కర్రతో చేస్తారు అన్నాననుకోండి, ముందు అది కొండపల్లి అని పట్టాలి కదా. తర్వాత తెల్ల పొణికి. న్యూజెర్సీలో మా అక్క ఏటికొప్పాక అనుకుని అంకుడు కర్ర అని రాసింది. ఊరు తప్పినా కర్ర లెక్క తెలుసు కాబట్టి అర మార్కు ఇచ్చాను. క్విజ్ మాస్టర్‌కి ఆ మాత్రం అధికారం ఉండాలి.

ఇక మూడో రౌండ్. రెండే ప్రశ్నలు, కానీ అరగంట పట్టింది.

మొదటిది: మన రాష్ట్ర పక్షి ఏది? ఏ రాష్ట్రమో కావాలనే చెప్పలేదు. దాదాపు అన్ని టీములూ పాలపిట్ట అని పంపాయి. తెలంగాణ వాళ్లది కరెక్టే. ఆంధ్ర వాళ్లలో ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడు వచ్చేసిన వాళ్లందరూ అదే రాశారు, అప్పుడు అదే మరి. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్‌కి రామచిలుక. పువ్వు కూడా కలువ పోయి మల్లె వచ్చింది. చెట్టు మాత్రం వేపే, అటు తెలంగాణకు జమ్మి. దసరా రోజు పాలపిట్టను చూడాలనే అలవాటు రెండు వైపులా ఉంది కదా, మరి మాది ఎలా పోతుంది అని డాలస్ నుంచి ఒక అన్నయ్య పక్షి కోసం నిజంగానే బాధపడ్డారు.

రెండోది: మొత్తం జిల్లాలు ఎన్ని? జవాబుతో పాటు, మీరు ఏ ఏడాది ఇండియా వదిలారో కూడా రాయండి అన్నాను. ఇవి నేను వరుసగా చదివినప్పుడు చూడాలి. ఇరవై మూడు అన్నవాళ్లందరూ రాష్ట్రం విడిపోకముందు విమానం ఎక్కినవాళ్లే. పదమూడు ప్లస్ పది అని లెక్క కట్టిన ఇద్దరు సరిగ్గా 2014, 2015లో వచ్చారు. 2016 అక్టోబర్‌లో తెలంగాణలో 31 చేశారు, 2019లో ఇంకో రెండు కలిసి 33 అయ్యాయి. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. అసలు ప్రశ్న పుస్తకంలో "2022 ఏప్రిల్ నాటికి" అనే ఉంటుంది, తేదీ లేకుండా ఇలాంటివి అడగకూడదు. ఈ ఒక్కసారికి తేదీ తీసేసి అడిగా, ఎవరి లెక్క ఎక్కడ ఆగిందో చూద్దామని. మా ఆయన పాస్‌పోర్టులో ఇంకా కరీంనగర్ జిల్లానే, ఆయన ఊరు జగిత్యాల జిల్లాలోకి వెళ్లి ఎన్నాళ్లయింది!

ఇక్కడ బాబాయ్ గారు అందుకున్నారు. "నేను పుట్టినప్పుడు ఇరవై జిల్లాలే అమ్మాయ్. చీరాల గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ప్రకాశం పుట్టింది, అందులో కలిపారు. ఇప్పుడు బాపట్ల అంటున్నారు. ఇల్లు అదే, అరుగు అదే, వేపచెట్టు అదే. జిల్లాలు మాత్రం మూడు చూశాను." ఇంకెవరి మాటా వినిపించలేదు కాసేపు, అందరూ ఒకేసారి మాట్లాడేస్తున్నారు. మావాడు పక్కన కూర్చుని "మమ్మీ, మన జిల్లా బెర్క్‌షైర్ కదా, అది కూడా మారుతుందా?" అన్నాడు. తర్వాత రౌండ్‌కి దాన్నే ప్రశ్న చేస్తాలే అన్నాను.

మార్కులు ఎలా వేశానంటారా? ఎవరు ఇండియా వదిలిన ఏడాదికి వాళ్ల లెక్క కరెక్టయితే మార్కు. ఇది రూల్ పుస్తకంలో లేదు, అప్పటికప్పుడు పెట్టాను. మా ఆయన ఒప్పుకోలేదు. ఆయన టీముకు తక్కువొచ్చింది లెండి.

చివరికి మామయ్య టీము, అక్క టీము సమానం. టై అయితే ఒక అంకె అడుగుతాం, దగ్గరగా వచ్చినవాళ్లు గెలిచినట్టు. తిరుమలకు నడిచి వెళ్లేదారిలో మెట్లెన్ని? వెంటనే బాబాయ్: "ఏ దారమ్మా? అలిపిరా, శ్రీవారి మెట్టా?" ఆయన టీము కూడా కాదు. అలిపిరే అన్నాను. అక్క రెండు వేల ఎనిమిది వందలు అంది, చిన్నప్పుడు లెక్కపెట్టిందట, మోకాళ్ల పర్వతం దగ్గర తప్పిపోయిందట. మామయ్య టీములో పిల్లాడు పదివేలు అన్నాడు, తాతగారు మూడువేల ఐదు వందలకు దింపారు. అసలు జవాబు 3550. శ్రీవారి మెట్టు అయితే 2388, అప్పుడు అక్క గెలిచేది. ఇప్పటికీ ఫోన్ చేసి నువ్వు దారి పేరు ముందే చెప్పాల్సింది అంటోంది.

గెలిచిన టీము వచ్చే శనివారం ఒక రౌండ్ తయారు చేయాలి, అది మా పద్ధతి. మామయ్య ఆలోచించకుండా "ఆర్టీసీ బస్సుల మీద పెడ్త" అన్నారు. బాబాయ్ గారు ఊరుకుంటారా, "ఏ ఆర్టీసీ బావగారూ? మీదా, మాదా? ఏ ఏడాదిది?" అన్నారు. "1932 నుంచి మొదలుపెడ్త. నిజాం రైల్వేవాళ్లు ఇరవై ఏడు బస్సులతోని నడిపిండ్రు. అప్పటికి మీరూ లేరు, నేనూ లేను, పంచాయితీ లేదు" అన్నారు మామయ్య. డాలస్ పిల్లాడు అప్పుడే బస్సుల ఫొటోలు వెతకడం మొదలుపెట్టాడట, వాళ్లమ్మ మెసేజ్ పెట్టింది. సరే అండీ, అప్పడాలు వేయించాలి, వచ్చే వారం కలుద్దాం.