కొబ్బరి చిప్ప, పాత పేపర్, మైదా లై: పిల్లలతోని చెరియాల్ తీరు మొకం బొమ్మ

నమస్తే అందరికీ, ఎట్లున్నరు? వెనుక హారన్లు ఇనిపిస్తే ఏమనుకోకుండ్రి, మాది హన్మకొండల రోడ్డు మీది ఇల్లు, కిటికీ మూస్తే ఉక్కపోత తీస్తే సప్పుడు, అందుకే తీసే పెట్టిన. సెలవులొచ్చినయి కదా, పిల్లలు ఫోన్ ఫోన్ అని పానం తీస్తున్నరు కదా, ఇయ్యాల మనం ఇంట్ల ఉన్నదాంతోనే గోడకు తగిలించే మొకం బొమ్మ చేద్దాం. ఇగో ఇది పోయినసారి మా పెద్దోడు చేసింది, ఒక కన్ను పైకి ఒక కన్ను కిందికి ఉంది, మీసం ఒక దిక్కే ఎక్కువుంది, మంచిగుంది కదా.

చెరియాల్ మాస్కులు మీరు చూసే ఉంటరు. చెరియాల్ ఇప్పుడు సిద్దిపేట జిల్లాల ఉంది గాని 2016 దాక మన వరంగల్ జిల్లానే. అక్కడ నకాషీ వాళ్లు, అంటే తరతరాలుగ బొమ్మలు గీసేటోళ్లు, కొబ్బరి చిప్ప మీద కట్టె పొట్టు, చింతగింజల బంక కలిపిన ముద్ద పెట్టి ముక్కు, కండ్లు, పెదాలు తీర్చి రంగులేస్తరు. ఊరూరు తిరిగి కథలు చెప్పేటోళ్లకు పొడుగు పటాలు గీసిచ్చింది కూడ వీళ్లే. ఆ పటాలకు జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరిదే అని చెప్పే గుర్తింపు, కూడ వచ్చింది. మనం చేసేది అసలుది కాదు మళ్ల, మన పిల్లల చేతికి తగ్గట్టు కట్టె పొట్టుకు బదులు పేపర్ ముద్ద, చింతగింజలకు బదులు మైదా. చింతగింజలు నానబెట్టుడు, రుబ్బుడు, ఉడకబెట్టుడు, అప్పటిదాక నాలుగేండ్ల పిల్ల మన మాట ఇంటదా? ఇనదు.

కావాల్సినయి చూపిస్త, ఇగో. కొబ్బరి చిప్ప, పాత న్యూస్ పేపర్, రాసేసిన నోటుబుక్కు కాయితాలు, మైదా, ఉప్పు, సుతిలి దారం, నాలుగు చాక్‌పీసులు, కొంచెం ఫెవికాల్, రంగులు. రంగులు ఒక్కటే కొనేది, అది కూడ పెద్ద డబ్బా అక్కర్లేదు, ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు ఉంటే సాలు. కిట్లు అని ఆన్‌లైన్ల అమ్ముతరు చూడుండ్రి, అందుల ఉండేది ఇదే, అట్టపెట్టె మీద ఫోటో మంచిగుంటది అంతే.

చిప్పకు ఏం చేయాలంటే, భద్రకాళి గుడికి పోయొచ్చినప్పుడు కొట్టిచ్చిన కొబ్బరికాయ ఉంటది కదా, కొబ్బరి తీసి పచ్చడి చేసుకోండ్రి, చిప్ప కడిగి ఒకరోజు ఎండల పెట్టుండ్రి. పీసు పీకేయాలె. అంచులు కోసుకపోతయి, ఆ అంచులు మాత్రం పెద్దోళ్లే అరగదీయాలె. సాండ్ పేపర్ ఉంటే సాండ్ పేపర్, లేకపోతే బయట గరుకు బండకు రుద్దుండ్రి, నేను బండకే రుద్దుత, సాండ్ పేపర్ ఎప్పుడు ఎతికినా దొరకదు నాకు. పైభాగం కూడ కొంచెం రుద్దుండ్రి, నున్నగ ఉంటే ఏదీ అంటుకోదు. అయిపోయింది. పక్కకు పెడదాం.

ఇంక లై, అంటే కాయితాలు అంటిచ్చే మైదా బంక. ఒక గ్లాసు నీళ్లు, మూడు పెద్ద చెంచాల మైదా. ముందు సల్లనీళ్లల్లనే ఉండలు లేకుంట కలపాలె, వేడినీళ్లల్ల ఏస్తే ఉండలు కడుతది. సన్న మంట మీద కలుపుకుంటనే ఉండాలె, తెల్లగున్నది జర అద్దం తీరు మెరుస్తది, చెంచాకు పట్టుకుంటది, అప్పుడు ఆఫ్ చేయుండ్రి. ఒక చెంచా ఉప్పు ఏయుండ్రి, బూజు తొందరగ రాదు. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె. మా ఇంట్ల పెద్దోళ్లు ఏమంటరంటే లైల మైలుతుత్తం ఏయాలె లేకపోతే పురుగు పడుతది అంటరు. బుక్ బైండింగ్ చేసేటోళ్లు ఏస్తరు, నిజమే. కని అది విషం. పిల్లలు లై ముట్టిన చేతులు నోట్ల పెట్టుకుంటరు, పెట్టుకోవద్దు అంటే ఇంకా పెట్టుకుంటరు. మైలుతుత్తం వద్దే వద్దు, ఉప్పు సాలు, కావాలంటే చిటికెడు పసుపు.

లై సల్లారేదాక పేపర్ చింపిద్దాం. కత్తెర ఇయ్యకుండ్రి, చేతులతోనే. చింపితే అంచు పల్సగ, పోగులు పోగులుగ వస్తది కదా, ఇగో దగ్గరికి చూపిస్త, కనిపిస్తుందా, ఈ పోగులే ఒకదాని మీద ఒకటి కూసుంటయి. కత్తెరతోని కోస్తే అంచు లేసి నిలబడుతది. ఇంకోటి చూడుండ్రి, న్యూస్ పేపర్ పైనుంచి కిందికి చింపితే తిన్నగ పోతది, అడ్డంగ చింపితే వంకర టింకర పోతది. పిల్లలకు చెప్పకుండ్రి, వాళ్లనే కనిపెట్టనియ్యుండ్రి, మా చిన్నది ఇది కనిపెట్టినంక పొద్దంత అదే పని, ఇంట్ల దాచిపెట్టిన పేపర్లు అన్నీ పోయినయి.

రెండు వేళ్ల వెడల్పు ముక్కలు లైల ముంచి చిప్ప మీద అంటియ్యాలె. మొదటి పొర న్యూస్ పేపర్. రెండో పొర నోటుబుక్కు కాయితం. ఎందుకంటే రెండూ న్యూస్ పేపరే అయితే ఎక్కడ అంటిచ్చినమో ఎక్కడ అంటియ్యలేదో కనిపియ్యదు, పిల్లలు ఒక్కతాననే పది ముక్కలు పెడతరు. ఇది మంచి షార్ట్‌కట్, ఎక్కడైనా పనికొస్తది. అంచులు లోపలికి మలపాలె. లోపలి దిక్కు సుతిలి దారం ముడేసి, ఇగో ఇట్ల, దాని మీద నాలుగు ముక్కలు అడ్డంగ అంటిస్తే కొక్కెం అయిపోతది, చిప్పకు బొక్క పెట్టే పని లేదు. సరే, ఇది ఆరాలె, మధ్యాహ్నం దాక ఆరుతది, నేను ముందే చేసి పెట్టిన, ఇగో.

ఇప్పుడు ముద్ద. ఇక్కడ నెమ్మదిగ పోదాం, వీడియో ఫాస్ట్ పెట్టుకుంటే జర మామూలు చేసుకోండ్రి. బొమ్మ మంచిగ రాలేదు, ముక్కు ఊడిపోయింది అనేటోళ్లందరికీ తేడా వచ్చేది ఇక్కడనే.

పేపర్ చిన్న చిన్న ముక్కలు చేసి రాత్రంత నానబెట్టాలె, పొద్దుగాల రెండు చేతుల మధ్యల పెట్టి రుద్దితే పేపర్ మొత్తం విడిపోయి పీసు పీసు అయితది. మిక్సీల ఏయొచ్చు గాని మిక్సీ పాడైతది, నేనైతే ఏయ, పిల్లలకు పిసుకుడే ఇష్టం. ఇప్పుడు పిండాలె. ఎంత పిండాలె? చాలా పిండాలె. పిల్లలు ఒకసారి పిండి అయిపోయిందమ్మా అంటరు, నీళ్లు ఇంకా లోపలనే ఉంటయి. పాత కాటన్ బట్టల ఏసి మూట కట్టి మెలితిప్పుండ్రి, ఇట్ల, ఇట్ల, ఇంక, చూడుండ్రి ఇంకా వస్తనే ఉన్నయి. ముద్దను రెండేళ్ల మధ్య గట్టిగ నొక్కితే ఒక్క బొట్టు కూడ రావద్దు, అప్పుడు ఆపాలె.

ఎందుకు అంటే, ముద్దల నీళ్లున్నంత సేపు ముక్కు ఇంత పెద్దగ, నిండుగ కనిపిస్తది. ఆ నీళ్లు ఆరినంక అది కుంచించుకపోతది. చిప్ప మాత్రం కుంచించుకపోదు కదా, అది ఉన్నంతనే ఉంటది. ముక్కు చిన్నగయితది, చిప్ప అట్లనే ఉంటది, మధ్యల పగులుతది, తెల్లారి చూస్తే ముక్కు లేసొచ్చి కింద పడుంటది, పిల్లలు ఏడుస్తరు. కాబట్టి నీళ్లు ఎంత తక్కువుంటే అంత మంచిది. పిండిన ముద్దను మళ్ల పీసు తీరు విడదీసి, అప్పుడు లై కొంచెం కొంచెం, రెండు చెంచాలు ఏసి కలిపి చూడుండ్రి, సాలకపోతే ఇంకో చెంచా. గిన్నెల ఉన్న లై అంత ఒక్కసారి పోసేయకుండ్రి, లైల కూడ నీళ్లే ఉన్నయి.

పెట్టేముందు చిప్ప మీద ఎక్కడ ముక్కు రావాలెనో అక్కడ ఏలితోని లై రాయాలె. ముద్ద పెట్టినంక అంచులు చుట్టూత ఏలితోని కిందికి రుద్దుకుంట పోవాలె, ముక్కు ఎక్కడ మొదలయిందో తెల్వకుంట కలిసిపోవాలె. ఉండ చేసి పెట్టి వదిలేస్తే అది ఊడుతది. ముక్కు పెద్దగ కావాలంటే ఇయ్యాల సగం, అది ఆరినంక సగం. కనుబొమ్మలకు, మీసాలకు సకినాలు చుట్టేటప్పుడు తిప్పినట్టు సన్నగ తిప్పి పెట్టుకోండ్రి, మా అత్తమ్మ చేస్తే ఒక్క నిమిషంల మీసం రెడీ, నాకు ఇప్పటికీ అంత సన్నగ రాదు.

చిన్న పిల్లలకు ముక్కు కష్టం, వాళ్లకు చెవులో పెదాలో ఇయ్యుండ్రి. వాళ్లు పెట్టినంక మీరు సరిచేయకుండ్రి, నిజంగ చెప్తున్న, ఒక్కసారి మీరు చెయ్యి పెట్టి సాపు చేసిన్రంటే వాళ్లు మళ్ల ముట్టరు, నువ్వే చెయ్యి అంటరు.

ఆగు బిడ్డా, తడి ఉంది, ముట్టకు.

ఆరబెట్టుడు. మన దగ్గర మే నెలల ఎండ ఎట్లుంటదో తెలుసు కదా, ఎండల పెడితే గంటల ఆరుతది అనుకుంటం. పైన మాత్రమే ఆరుతది. పైపొర గట్టిపడి లోపల తడి ఉంటే మళ్ల అదే కథ, పగుళ్లు. మొదటి రోజు నీడకు, గాలి తగిలేతాన పెట్టుండ్రి, ఫ్యాన్ కింద కూడ నడుస్తది. రెండో రోజు పొద్దటి ఎండల పెట్టుండ్రి. ఆరిందో లేదో ఎట్ల తెలుస్తది అంటే చెంపకు ఆనిచ్చి చూడుండ్రి, సల్లగ తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. వానాకాలం చేస్తే మూడు నాలుగు రోజులు పడుతది, ఓపిక పట్టుండ్రి. సన్న పగుళ్లు వస్తే ఏం కాదు, అందుల లై పూసి చిన్న కాయితం ముక్క అంటిస్తే అయిపోతది.

అంతదాక పిల్లలు ఊకోరు కదా, అందుకే ఇంకోటి పెట్టిన. బెండకాయ. తొడిమ దిక్కు అడ్డంగ కోస్తే పువ్వు తీరు వస్తది, రంగుల ముంచి కాయితం మీద అద్దుడే, అంతే, దీనికి నేను చెప్పేదేం లేదు, మా చిన్నది చేస్తుంటది చూడుండ్రి. ముదిరిన బెండకాయ తీసుకోండ్రి, లేతది నొక్కితే మెత్తబడుతది. ఈ పువ్వుల కాయితం బొమ్మ వెనుక అట్టకు అంటిస్తే బార్డర్ అయితది.

ఆరినంక తెల్ల పూత. చాక్‌పీసులు కవర్ల ఏసి చపాతి కర్రతోని పొడి చేసి, ఫెవికాల్, నీళ్లు కలిపి పలుచగ రెండుసార్లు పూయాలె. న్యూస్ పేపర్ అక్షరాలు పోతయి, రంగు కూడ మెరుస్తది. పొడి చేసేటప్పుడు కవర్ మూతి ముడేయుండ్రి, లేకపోతే దుమ్ము లేస్తది.

రంగులు మీ ఇష్టం. చెరియాల్ పటాలల్ల అయితే వెనుక ఎర్రగ ఉంటది, దేవుళ్లకు నీలం, అమ్మవార్లకు పసుపు ఏస్తరు. మా పెద్దోడు ఆకుపచ్చ మొకం అంటున్నడు, ఏసుకోనియ్యి. నా సలహా ఒక్కటే, కండ్లు లాస్ట్‌కు ఏయుండ్రి. నల్ల గీతలకు బ్రష్ వద్దు, పిల్లల చేతిల బ్రష్ కుచ్చు ఇచ్చుకపోతది, అగర్‌బత్తి కాలిపోయినంక మిగిలిన పుల్ల ఉంటది చూడుండ్రి, దాంతోని గీస్తే గీత సన్నగ, ఒక్క తీరు వస్తది. చుక్కలకు ఇయర్‌బడ్. బొట్టు కూడ ఇయర్‌బడ్ తోనే, ఇగో, అయిపోయింది. చేతులకు అంటిన రంగు సబ్బుతోని పోతది, బట్టలకు అంటితే మాత్రం ఎండకముందే ఉతుకుండ్రి.

మిగిలిన ముద్ద డబ్బాల ఏసి ఫ్రిజ్‌ల పెడితే రెండు రోజులు ఉంటది, వాసన వస్తే పారేయుండ్రి. మిగిలిన లై మాత్రం సింకుల పోయకుండ్రి, పైపుల గడ్డకడుతది. చెట్లకు కూడ వద్దు, ఉప్పు ఏసినం కదా. పేపర్ల చుట్టి చెత్తల ఏయుండ్రి, గిన్నె వెంటనే నానబెట్టుండ్రి, ఆరిందంటే గోకలేక సస్తరు. మీ పిల్లలు చేసినయి ఫోటో తీసి కామెంట్ల పెట్టుండ్రి, ముక్కు వంకరున్నా సరే, అట్లనే పెట్టుండ్రి. ఉంట మరి.