జట్టులో వస్తాదుకు చోటెక్కడ?

శ్రోతలకు నమస్కారం. ఈరోజు నేను మాట్లాడబోయే ఆట మన ఊళ్ళలో ఆడేది కాదు. అమెరికా, కెనడాల్లోని 32 జట్లు తలపడే నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే ఎన్.హెచ్.ఎల్.లో, మంచు మీద ఆడే హాకీ అది. ఆ ఆటను అభిమానించేవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నలుగుతున్న తగువు ఒకటుంది. జట్టును కూర్చేటప్పుడు కర్రతో పక్‌ను, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళను, ఆడించగల నేర్పరికి చోటివ్వాలా, లేక ఎదుటివాడిని గుద్ది పడేయగల వస్తాదుకు చోటివ్వాలా అన్నదే ఆ తగువు.

ముందు చోట్ల లెక్క చూద్దాం. ఒక ఆటకు జట్టులో 20 మంది దుస్తులు కట్టుకుంటారు. గోల్ కాచే గోలీలు ఇద్దరు పోగా మిగిలేది 18 మంది. వాళ్ళలో సాధారణంగా 12 మంది ఫార్వర్డ్‌లు, ముగ్గురేసి చొప్పున నాలుగు లైన్లుగా దిగుతారు. మిగిలిన ఆరుగురు డిఫెన్స్‌వాళ్ళు జంటలుగా దిగుతారు. మంచు మీద ఎవరైనా ఒక్క విడతకు ముప్పావు నిమిషం మించి ఉండటం కష్టం, అంత వేగంగా ఊపిరి అయిపోతుంది. మొదటి లైన్‌లోని తార 60 నిమిషాల ఆటలో 20 నిమిషాలు ఆడితే, నాలుగో లైన్‌లోని చివరివాడు ఒక్కోసారి అయిదారు నిమిషాలతోనే సరిపెట్టుకుంటాడు. ఎన్‌ఫోర్సర్ అని పిలిచే వస్తాదు చాలాకాలం కూర్చున్నది సరిగ్గా ఆ చివరి కుర్చీలోనే.

ఆ కుర్చీ అతనికెందుకు దక్కిందో తెలియాలంటే ఒక నియమం తెలుసుకోవాలి. ఇద్దరు ఆటగాళ్ళు చేతితొడుగులు మంచు మీద పారేసి ముష్టియుద్ధానికి దిగితే, తక్కిన ఆటల్లో మాదిరిగా వాళ్ళను బయటికి గెంటరు, ఇద్దరినీ చెరి అయిదు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోబెడతారు. ఇద్దరికీ శిక్ష సమానం కనుక వాళ్ళ చోట్లలోకి వేరేవాళ్ళు వస్తారు, రెండు పక్షాలా అయిదుగురు అయిదుగురుగానే ఆట సాగుతుంది. అంటే జట్టుకు పోయేది ఆ ఒక్క మనిషి అయిదు నిమిషాలు మాత్రమే. ఆ మనిషి ఎటూ అయిదారు నిమిషాలే ఆడేవాడైతే జట్టుకు పోయేది దాదాపు ఏమీ లేదు. ఎదుటి జట్టులోని మంచి ఆటగాడు ఎవరైనా కవ్వింపుకు లొంగి అతనితో కలబడితే మాత్రం ఈ జట్టుకు లాభమే లాభం. ఇంత చవక బేరాన్ని ఏ కోచ్ వదులుకుంటాడు?

ఈ బేరాన్ని బహిరంగంగా నమ్ముకున్న జట్టు ఫిలడెల్ఫియా ఫ్లయర్స్. 1967లో పుట్టిన ఆ జట్టును మొదటి రెండేళ్ళూ ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర విజేతను తేల్చే పోరులో, సెయింట్ లూయిస్ బ్లూస్ ఒంటిబలంతో నలిపి ఇంటికి పంపింది. యజమాని ఎడ్ స్నైడర్ ఆ అవమానం మరిచిపోలేదు, ఇకమీదట తన జట్టును ఎవరూ చితకబాదకూడదని పట్టుబట్టి గట్టివాళ్ళను పోగుచేయించాడు. 1974లోనూ 1975లోనూ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఆ జట్టుకే దక్కింది. 1974–75 సీజన్‌లో డేవ్ షుల్జ్ అనే ఒక్క ఆటగాడి పేర పడిన పెనాల్టీలు 472 నిమిషాలు. ఆ రికార్డును ఇంతవరకూ ఎవరూ దాటలేదు.

అయితే ఫ్లయర్స్ పేరెత్తగానే షుల్జ్ పిడికిళ్ళు గుర్తొస్తాయే తప్ప, 1974లో కప్ గెలిచిన ఆఖరి ఆట స్కోరు చాలామందికి గుర్తుండదు. ఆ స్కోరు 1–0. ఆ ఒక్క గోల్ కొట్టినవాడు రిక్ మాక్లీష్. బోస్టన్ జట్టు కొట్టిన ప్రతి షాట్‌నూ ఆపినవాడు గోలీ బెర్నీ పేరెంట్. రెండేళ్ళూ ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి ఆయనకే వచ్చింది. కెప్టెన్ బాబీ క్లార్క్ మధుమేహంతోనే ఆడుతూ మూడుసార్లు లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. కాబట్టి ఆ కప్పులు పిడికిళ్ళు తెచ్చాయనడం నా దృష్టిలో సగం నిజమే. పిడికిళ్ళు ఎదుటివాడిని జంకించి ఉండవచ్చు, గోల్స్ కొట్టినవాళ్ళు, ఆపినవాళ్ళు మాత్రం వేరు. 1976 ఫైనల్‌లో మాంట్రియల్ కెనేడియన్స్ ఇదే ఫ్లయర్స్‌ను వరసగా నాలుగు ఆటల్లో ఓడించింది. గీ లాఫ్లూర్ లాంటి నేర్పరులున్న ఆ మాంట్రియల్‌లో లారీ రాబిన్సన్ లాంటి ఆజానుబాహువులు కూడా ఉన్నారు, కానీ ఆ రాబిన్సన్ రక్షణలోనూ దాడిలోనూ ఆరితేరినవాడు, చివరి కుర్చీలో కూర్చుని వంతు కోసం ఎదురుచూసేవాడు కాదు.

తర్వాతి దశకంలో వస్తాదు అంగరక్షకుడయ్యాడు. ఎడ్మంటన్ ఆయిలర్స్‌లో వేన్ గ్రెట్జ్‌కీ 1981–82లో 92 గోల్స్ కొట్టినప్పుడు, అతని మీద చెయ్యి వేస్తే ఎవరు పలకరిస్తారో లీగ్ అంతటికీ తెలుసు. ముందు డేవ్ సెమెంకో, ఆ తర్వాత మార్టీ మెక్‌సార్లీ. 1988 ఆగస్టులో గ్రెట్జ్‌కీని లాస్ ఏంజెలిస్‌కు ఇచ్చివేసినప్పుడు మెక్‌సార్లీ కూడా అదే బేరంలో వెంట వెళ్ళాడు. రాజు వెంట భటుడు వెళ్ళినట్టన్న మాట.

ఆ భటుడి కొలువు ఎలా పోయిందో రెండు మాటల్లో చెప్పవచ్చు. తగాదా మొదలుపెట్టినవాడికి అదనపు శిక్ష 1992 నుంచి కఠినమైంది. 2004–05 సీజన్ మొత్తం యజమానులకూ ఆటగాళ్ళకూ మధ్య పేచీలో కొట్టుకుపోయాక, తిరిగి మొదలైన ఆటలో పక్ లేనివాడిని పట్టి ఆపడాన్ని రిఫరీలు గట్టిగా శిక్షించసాగారు, పొడవాటి పాస్‌లకు అడ్డుగా ఉన్న పాత నియమం ఎత్తేశారు, జీతాలకు మొత్తం మీద పరిమితి పెట్టారు. ఆట వేగం పెరిగింది. స్కేటింగ్ రానివాడికి ఇచ్చే కుర్చీ, ఇచ్చే జీతం, రెండూ దండగ అయ్యాయి.

దాని వెనక ఒక విషాదం కూడా ఉంది, దాన్ని దాటిపోవడం సరికాదు. మిన్నెసోటా, న్యూయార్క్ జట్లకు ఆడిన డెరెక్ బూగార్డ్ 277 ఆటల్లో కొట్టినవి మూడు గోల్స్. అతని కొలువు గోల్స్ కొట్టడం కాదు కదా! 2011 మే నెలలో, 28వ ఏట, మద్యమూ నొప్పిమందులూ కలిసి ఒంట్లో వికటించి అతను మరణించాడు. మెదడును పరీక్షించిన బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులకు, తలకు పదేపదే దెబ్బలు తగిలినవాళ్ళలో కనిపించే జబ్బు ఆ చిన్న వయసులోనే బాగా ముదిరి కనిపించింది. చవక బేరమని ఇందాక నేనన్నాను. చవక ఎవరికి అన్నది ఆ లెక్కలో చేరలేదు.

ఇక జాన్ స్కాట్ కథ వేరే రకం. ఆరడుగుల ఎనిమిది అంగుళాల ఈ వస్తాదును అభిమానులు సరదాకు ఓట్లు గుద్ది లీగ్‌లోని తారలు ఆడే 2016 ఆల్‌స్టార్ ఆటకు కెప్టెన్‌ను చేశారు. తప్పుకోమని లీగ్ ఒత్తిడి తెచ్చింది. ఈలోగా అతని జట్టు అతన్ని మరో జట్టుకు ఇచ్చివేయగా, ఆ జట్టు కింది లీగ్‌కు పంపేసింది. అయినా అతను నాష్‌విల్‌కు వెళ్ళి ఆడాడు, రెండు గోల్స్ కొట్టాడు, ఉత్తమ ఆటగాడయ్యాడు, సహచరులు భుజాల మీద ఎత్తుకున్నారు. ఎన్.హెచ్.ఎల్.లో ఆడినన్నాళ్ళూ కలిపి అతను కొట్టినవి అయిదే గోల్స్. ఆ సంబరం ఒక వృత్తికి చేసిన వీడ్కోలు సభలా ఉండింది.

మరి వస్తాదు పోతే గట్టితనం కూడా పోయిందా అంటే, అక్కడే అసలు విషయముంది. 2018–19లో టాంపా బే లైట్నింగ్ 82 ఆటల్లో 62 గెలిచి అప్పటికున్న రికార్డును సమం చేసింది. నికితా కుచెరోవ్ ఒక్కడే 128 పాయింట్లు సాధించాడు. ఈ ఆటలో ఒక్కో గోల్‌కూ, గోల్‌కు సాయపడ్డ ఒక్కో పాస్‌కూ ఆటగాడికి ఒక్కో పాయింటు వేస్తారు. ప్లేఆఫ్స్ మొదటి మెట్టులోనే ఆ జట్టుకు కొలంబస్ బ్లూ జాకెట్స్ ఎదురైంది. తొలి ఆటలో 3–0 ఆధిక్యం సంపాదించిన టాంపా 4–3 తేడాతో ఓడింది, తర్వాతి మూడూ ఓడింది. 1967లో లీగ్ విస్తరించాక, లీగ్ దశలో అగ్రస్థానంలో నిలిచిన జట్టు మొదటి మెట్టులో ఒక్క ఆటైనా గెలవకుండా వెళ్ళిపోవడం అంతకు ముందెన్నడూ లేదు.

కొలంబస్ చేసిందేమిటి? ముష్టియుద్ధాలను నమ్ముకోలేదు. పక్‌ను రింక్, అంటే ఆడే మంచు మైదానం, మూలకు కొట్టడం, దాని వెంట పడటం. ఆ మూలలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. డిఫెన్స్ ఆటగాడు గోడవైపు ముఖం పెట్టి, మన వైపు వీపు పెట్టి పక్ కోసం వంగుతాడు. వెనక నుంచి మంచును కోస్తూ వచ్చే స్కేట్ల చప్పుడు అతనికి వినబడుతుంది. పక్ తన దగ్గరుంది కనుక, వీపు మీద కాకుండా పక్క నుంచి భుజంతో గుద్దడం నియమం ప్రకారం తప్పు కాదని అతనికి తెలుసు. ఆ దెబ్బ ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు తిన్నాక, తర్వాతిసారి అతను పక్‌ను చూసి కాక భుజాన్ని తలుచుకుని ఒక్క క్షణం తొందరపడతాడు. పాస్ ఎక్కడికో పోతుంది. అదే ప్రత్యర్థితో ఏడు ఆటల దాకా సాగే పోరులో ఆ తొందరపాట్లు కూడుకుంటూ పోతాయి. కబడ్డీ చూసిన శ్రోతలకు ఇది కొత్త కాదు. మూలన ఉన్నవాడు చీలమండ ఒకటి రెండుసార్లు ఒడిసిపట్టాక, కూతకు వచ్చినవాడి కాలు ఆ మూలకు అంత చురుగ్గా చాచుకోదు.

టాంపా యాజమాన్యం చేసిన పనిని నేను మెచ్చుకుంటాను. ఓడిపోయామని తారలను అమ్ముకోలేదు, అలాగని ఒక వస్తాదును కొనితెచ్చి చివరి కుర్చీలో కూర్చోబెట్టనూ లేదు. అప్పటికే సెయింట్ లూయిస్‌తో కప్ గెలిచివున్న పాట్ మరూన్‌ను నాలుగో లైన్‌కు తీసుకుంది. 2020 ఫిబ్రవరిలో బ్లేక్ కోల్‌మన్ కోసం ఒకటి, బార్‌క్లే గుడ్‌రో కోసం ఒకటి, కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ ఎంపిక హక్కులు రెండు వదులుకుంది. తారలు కాని ఇద్దరికి ఇంత ధరా అని ముక్కున వేలేసుకున్నవాళ్ళు లేకపోలేదు. యానీ గోర్డ్‌తో కలిసి ఆ ఇద్దరూ మూడో లైన్ అయ్యారు. పక్ వెంటపడి గుద్దేవాళ్ళే, కానీ స్కేటింగ్ వచ్చినవాళ్ళు, శత్రువుల మొదటి లైన్‌ను కాపలా కాయగలవాళ్ళు, ఒక మనిషి తక్కువైనప్పుడు కూడా ఆడగలవాళ్ళు.

2020 ఆగస్టులో మళ్ళీ అదే కొలంబస్ ఎదురైంది. మొదటి ఆట అయిదు అదనపు పీరియడ్లు సాగింది. ఎదుటి గోలీ 85 షాట్లు ఆపాడు. చివరికి బ్రేడన్ పాయింట్ గోల్ కొట్టాడు. టాంపా ఆ పోరు గెలిచి, ఫైనల్‌లో డల్లాస్ స్టార్స్‌ను ఓడించి కప్ ఎత్తుకుంది. మనవాళ్ళు వేలాదిగా స్థిరపడిన టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనే ఆ డల్లాస్ జట్టు సాధన చేస్తుంది, కాబట్టి ఆ ఓటమి బాధ కొన్ని తెలుగు ఇళ్ళకూ తగిలే ఉంటుంది. మరుసటి ఏడాది కూడా కప్ టాంపాదే. ఆ ఫైనల్ రెండో ఆటలో రెండో పీరియడ్ ముగియడానికి ఒక్క సెకను మిగిలుందనగా, గుడ్‌రో అందించిన పక్‌ను కోల్‌మన్ గాలిలోకి ఒళ్ళు విసిరి, పడిపోతూ, ఒంటిచేత్తో కర్ర చాచి గోల్‌లోకి నెట్టాడు. అది గట్టితనమా, నేర్పా? నన్నడిగితే, ఆ రెండింటినీ విడదీసి అడగడమే పొరపాటు. అడగవలసింది, ఆ గట్టివాడిని నమ్మి కోచ్ ఎన్ని నిమిషాలు మంచు మీద ఉంచగలడు అని.

ఈ పాఠం టాంపా దగ్గర ఆగలేదు. అదే రాష్ట్రానికి చెందిన ఫ్లోరిడా పాంథర్స్ 2021–22లో 122 పాయింట్లతో (ఇవి ఆటల ఫలితాల మీద జట్టుకు వేసే పాయింట్లు) లీగ్‌లో అగ్రస్థానం, గోల్స్‌లోనూ అగ్రస్థానం సాధించింది. రెండో మెట్టులో టాంపా చేతిలో వరసగా నాలుగు ఓడింది, నాలుగు ఆటల్లో కలిపి కొట్టినవి మూడు గోల్స్. ఆ జట్టు జనరల్ మేనేజర్ బిల్ జీటో అంతకుముందు కొలంబస్ యాజమాన్యంలో పనిచేసినవాడు. ఆ జూలైలో ఆయన, 115 పాయింట్లు తెచ్చిన జోనతన్ హ్యూబర్డోను, అతనితోపాటు మెకెంజీ వీగర్‌ను కాల్గరీకి ఇచ్చి మాథ్యూ కాచక్‌ను తెచ్చుకున్నాడు. కాచక్ గోల్ ముందు చేరి తోపులాడేవాడు, నోటితో కవ్వించేవాడు, ఆ సీజన్‌లో నూరు పాయింట్లు దాటినవాడు. 2023లో ఫైనల్, 2024లో కప్, 2025లో మళ్ళీ కప్.

2025 ఫిబ్రవరి 15న మాంట్రియల్‌లో అమెరికా, కెనడా జాతీయ జట్లు తలపడ్డాయి. ఆట మొదలైన తొమ్మిది సెకన్లలో మూడు ముష్టియుద్ధాలు జరిగాయి. మొట్టమొదట తొడుగులు పారేసినవాళ్ళు కాచక్, టాంపా ఆటగాడు బ్రాండన్ హేగెల్. ఆ సీజన్‌లో హేగెల్ 90 పాయింట్లు సాధించాడు. ఒకప్పుడు ఇలాంటివాళ్ళ కోసం సెమెంకో లేచి వెళ్ళేవాడు, ఆ రాత్రి లేచి వెళ్ళడానికి బెంచీ చివర ఎవరూ లేరు. రెండు నెలల తర్వాత ఫ్లోరిడా, టాంపా ప్లేఆఫ్స్‌లో ఎదురుపడ్డాయి. ఫ్లోరిడా కెప్టెన్‌ను గుద్దినందుకు హేగెల్ ఒక ఆట నిషేధానికి గురయ్యాడు, తిరిగి వచ్చిన ఆటలో ఫ్లోరిడా డిఫెన్స్ ఆటగాడి మోచెయ్యి తలకు తగిలి మళ్ళీ కూలబడ్డాడు. అయిదో ఆటలో టాంపా అతను లేకుండా దిగి ఓడి, ఇంటిదారి పట్టింది.