పబ్‌మెడ్ రికార్డులు పైథాన్‌తో తెచ్చుకుందాం: ముందు నంబర్లు, తర్వాత వివరాలు

[తెర మీద: ఎక్సెల్ షీట్. ఒక్కో గడిలో పేపర్ల టైటిళ్లు పేస్ట్ అవుతున్నాయి.]

నమస్కారం. నేను ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. థీసిస్ రాసే పీజీ డాక్టర్లు మా దగ్గరికొచ్చి కూర్చుంటారు. వైద్య పరిశోధన పేపర్ల క్యాటలాగ్ పబ్‌మెడ్ తెరుస్తారు, వెతుకుతారు, ఒక్కో పేపరు టైటిల్ కాపీ చేసి ఎక్సెల్‌లో పెడతారు. రచయితలు ఒక గడిలో, జర్నల్ ఇంకో గడిలో. నైట్ డ్యూటీ చేసొచ్చి, కళ్లు మూతలు పడుతుంటే రెండు వందల పేపర్లు అలా ఎక్కించిన అమ్మాయిని చూశాను. ఎనభయ్యో వరస దగ్గర ఒక్క గడి కిందికి జారింది. అక్కణ్నుంచి ప్రతి టైటిల్ పక్కనా వేరే పేపరు రచయితలే. వాళ్ల గైడ్ పట్టుకునేదాకా ఆ సంగతి బయటపడలేదు.

ఆ అమ్మాయి కష్టం చూశాకే ఈ వీడియో చేయాలనిపించింది. పైథాన్ ప్రోగ్రామింగ్ కొద్దిగా వస్తే చాలు.

[తెర మీద: పబ్‌మెడ్ మొదటి పేజీ.]

పబ్‌మెడ్ అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్‌ది. దాన్ని నడిపేది అందులోని ఎన్‌సీబీఐ అనే విభాగం. 1996లో మొదలైంది, 1997 నుంచి అందరికీ ఉచితం. మూడున్నర కోట్లకు పైగా రికార్డులున్నాయి. రికార్డు అంటే పేపరు మొత్తం కాదు. టైటిల్, రచయితలు, జర్నల్, తేదీ, ఉంటే అబ్‌స్ట్రాక్ట్, అంటే పేపరు సారాంశం. లైబ్రరీలో కార్డు క్యాటలాగ్ చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది: కార్డు ఇక్కడుంటుంది, పుస్తకం వేరేచోట ఉంటుంది.

ఈ క్యాటలాగ్‌కి మనుషుల కోసం ఒక తలుపుంది, అదే వెబ్‌సైట్. ప్రోగ్రాముల కోసం ఇంకో తలుపుంది, దాని పేరు ఈ-యుటిలిటీస్. ఒక వెబ్ అడ్రసుకి ప్రశ్న పంపితే జవాబు డేటాగా వస్తుంది. ఆ అడ్రసులు మనమే కట్టుకోనక్కర్లేకుండా బయోపైథాన్ ప్యాకేజీలో ఎంట్రెజ్ అనే మాడ్యూల్ ఉంది. పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్‌తో బయోపైథాన్ ఇన్‌స్టాల్ చేసుకోండి.

[తెర మీద: కోడ్ ఎడిటర్. మొదటి మూడు లైన్లు.]

ఇంపోర్ట్ అయ్యాక రాయాల్సిన మొదటి లైను మీ ఈమెయిల్. చాలామంది దీన్ని వదిలేస్తారు, లేదా నోటికొచ్చిన అడ్రసు పెడతారు. దయచేసి అలా చేయకండి. మీ ప్రోగ్రాము హద్దు మీరితే ఎన్‌సీబీఐ వాళ్లు ఆపేముందు ఆ అడ్రసుకే రాయడానికి ప్రయత్నిస్తారు. కాలేజీ నెట్‌వర్క్‌లో అందరూ ఒకే ఐపీ అడ్రసు మీద బయటికెళ్తుంటే, మీ ఒక్కరి పొరపాటుకి కాలేజీ అంతటికీ దారి మూసుకుపోతుంది. హద్దు ఎంతంటే సెకనుకి 3 రిక్వెస్టులు. ఎన్‌సీబీఐలో ఉచితంగా అకౌంట్ తెరిచి ఏపీఐ కీ, అంటే మీ ప్రోగ్రాముని గుర్తుపట్టే రహస్య కోడ్, తీసుకుంటే సెకనుకి 10. బయోపైథాన్ ఈ వేగాన్ని తనే అదుపులో పెడుతుంది. కీ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, కోడ్ ఇంకొకరికి పంపేటప్పుడు తీసేయండి.

[తెర మీద: ఈసెర్చ్ లైను. వెతికే మాట దగ్గర ‘ఉద్దానం’ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో.]

ఇప్పుడు అసలు పని. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మనందరికీ తెలుసు. కవిటి, సోంపేట, పలాస వైపు ఎన్నో కుటుంబాలు దానితో నలిగిపోయాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. దాని మీద ఏమేం పరిశోధనలొచ్చాయో చూద్దాం.

ఎంట్రెజ్ డాట్ ఈసెర్చ్. బ్రాకెట్లో డేటాబేస్ పేరు పబ్‌మెడ్, టర్మ్ దగ్గర ఉద్దానం. స్పెల్లింగులో ఒక ‘హెచ్’ చేర్చి రాసేవాళ్లూ ఉండొచ్చు, అందుకని రెండు రూపాలూ ఇచ్చి మధ్యలో ‘ఆర్’ పెట్టండి. వచ్చిన జవాబుని ఎంట్రెజ్ డాట్ రీడ్‌కి ఇస్తే పైథాన్ డిక్షనరీగా మారుతుంది.

[తెర మీద: ప్రింట్ చేసిన జవాబు. కౌంట్, ఐడీ లిస్ట్, క్వెరీ ట్రాన్స్‌లేషన్ ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

చూడండి, టైటిల్ ఒక్కటీ రాలేదు. ఉత్త నంబర్లు. వీటిని పీఎంఐడీ అంటారు, ప్రతి రికార్డుకీ ఒక్కటే ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు ఏదో తప్పు జరిగిందనుకుంటారు. ఏం జరగలేదు. ఈసెర్చ్ పని నంబర్లివ్వడమే. వివరాలు తేవడం రెండో అడుగు.

ఆ అడుగు వేసేముందు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. వెతికే మాట మార్చి ‘క్రానిక్ కిడ్నీ డిసీజ్ అండ్ ఇండియా’ అని ఇస్తాను. కౌంట్ వేలల్లోకి వెళ్లింది. ఐడీ లిస్ట్‌లో మాత్రం ఇరవయ్యే. నేను మొదట్లో ఈ ఇరవయ్యే మొత్తమనుకుని ఒక డాక్టరుగారికి ప్రింట్ తీసిచ్చాను. ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది. ఎన్ని నంబర్లు కావాలో చెప్పే రెట్‌మ్యాక్స్ అనే అంకె మనం చెప్పకపోతే సర్వర్ ఇరవై దగ్గర ఆపేస్తుంది. అందుకే కౌంట్‌నీ ఐడీ లిస్ట్ పొడవునీ ఎప్పుడూ పక్కపక్కన ప్రింట్ చేసి చూడండి. కౌంట్ టెక్స్ట్‌గా వస్తుంది, ‘ఇంట్’తో అంకెగా మార్చాకే పోల్చాలి. రెట్‌మ్యాక్స్ ఎంత పెంచినా పబ్‌మెడ్‌లో ఒక సెర్చ్‌కి 10,000 మించి రావు. అంతకన్నా ఎక్కువుంటే సంవత్సరాలవారీగా విడగొట్టి వెతకాలి.

[తెర మీద: క్వెరీ ట్రాన్స్‌లేషన్ పెద్దగా.]

ఇక క్వెరీ ట్రాన్స్‌లేషన్. నా దృష్టిలో మొత్తం జవాబులో ముఖ్యమైన లైను ఇదే. మనం రాసిన మాటని సర్వర్ ఎలా అర్థం చేసుకుందో ఇక్కడ కనిపిస్తుంది. క్రానిక్ కిడ్నీ డిసీజ్ అంటే ‘రీనల్ ఇన్సఫిషియెన్సీ, క్రానిక్’ అనే మెష్ పదాన్ని తనే జతచేసింది. మెష్ అంటే నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాడే ప్రామాణిక విషయపదాల జాబితా. ఇది మేలే, పాత పేరుతో రాసిన పేపర్లు కూడా దొరుకుతాయి. ఇండియాని మాత్రం అన్ని ఫీల్డుల్లోనూ వెతికింది. అంటే రచయిత పనిచేసే ఆసుపత్రి చిరునామాలో ఇండియా ఉన్నా చాలు. పేషెంట్లు ఇంకో దేశంవాళ్లైనా, రాసినవాళ్లలో ఒకరు హైదరాబాద్‌లో ఉంటే ఆ పేపరూ లెక్కలోకొస్తుంది. టైటిల్‌లోనో అబ్‌స్ట్రాక్ట్‌లోనో రచయితలిచ్చిన కీవర్డ్స్‌లోనో ఉంటేనే కావాలంటే మాట వెనక చదరపు బ్రాకెట్లో ‘టీఐఏబీ’ అని పెట్టండి. కౌంట్ ఎంత తగ్గిందో చూడండి.

[తెర మీద: ఈఫెచ్ లైను, కింద ఒక మెడ్‌లైన్ రికార్డు.]

మళ్లీ ఉద్దానానికొద్దాం. ఆ నంబర్ల జాబితాని ఎంట్రెజ్ డాట్ ఈఫెచ్‌కి ఇస్తున్నాను. రెట్‌టైప్ మెడ్‌లైన్, రెట్‌మోడ్ టెక్స్ట్. అంటే రికార్డులో ప్రతి వివరం ముందూ ఒక చిన్న గుర్తు ఉండే టెక్స్ట్ రూపం అడుగుతున్నాం. వచ్చినదాన్ని బయోపైథాన్‌లోనే ఉన్న మెడ్‌లైన్ డాట్ పార్స్ విడగొడుతుంది. టీఐ అంటే టైటిల్, ఏయూ రచయితలు, టీఏ జర్నల్, డీపీ తేదీ, ఏబీ అబ్‌స్ట్రాక్ట్.

ప్రోగ్రాము ఆగిపోతే మొదట అనుమానించాల్సింది ఏబీనే. ఎడిటర్‌కి రాసిన ఉత్తరాల్లాంటివాటికి అబ్‌స్ట్రాక్ట్ ఉండదు, ఆ ఫీల్డే రాదు. నేరుగా అడిగితే కీ-ఎర్రర్. డాట్ గెట్ వాడి, లేకపోతే ఖాళీ పెట్టమనండి. కమిటీ పేరుతో వచ్చిన పేపర్లకు ఏయూ కూడా ఉండకపోవచ్చు. తేదీ ఒక్కోసారి ‘2019 జనవరి-ఫిబ్రవరి’ అని వస్తుంది, సంవత్సరం కోసం మొదటి నాలుగు అక్షరాలు తీసుకోండి.

ఇలా విడగొట్టిన వివరాల్ని సీఎస్‌వీ ఫైల్లో, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికలో రాసుకోండి. అందులో మొదటి కాలమ్ పీఎంఐడీయే పెట్టండి. టైటిలూ రచయితలూ ఒకే రికార్డులోంచి ఒకే వరసలోకి వెళ్తాయి కాబట్టి గడి జారే ప్రశ్నే లేదు. ఏ వరస మీదైనా సందేహమొస్తే ఆ నంబరు పబ్‌మెడ్‌లో కొట్టి చూసుకోవచ్చు.

[తెర మీద: రెండు గడియారాలు, ఎన్‌సీబీఐ ఉన్న బెథెస్డా, విజయవాడ.]

పెద్ద జాబితాలు తెచ్చుకునేవాళ్లు శనాదివారాల్లోనో, మామూలు రోజుల్లో అమెరికా తూర్పు సమయం రాత్రి 9 నుంచి పొద్దున 5 మధ్యలోనో చేయమని ఎన్‌సీబీఐ అడుగుతుంది. మనకది వేసవిలో పొద్దున ఆరున్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర, చలికాలంలో ఏడున్నర నుంచి మూడున్నర. మీరు నిద్ర మానుకోనక్కర్లేదు. పొద్దున లైబ్రరీ తెరిచాక వచ్చి రన్ నొక్కండి.