మోటర్‌హోమ్ ర్యాలీకి మొదటిసారి వెళ్తున్నారా? కరెంటు, నీళ్ళు, తూకం... ఉన్నది ఉన్నట్టు రివ్యూ

నమస్కారం అండి. అమెరికాలో మోటర్‌హోమ్, అంటే వంటగది, పడక, బాత్రూం అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి, కొని ఏడాది తిరక్కముందే ఎవరో ఒకరు అంటారు, "ఒక్కసారి ర్యాలీకి రండి, అన్నీ అవే తెలుస్తాయి" అని. తెలుస్తాయి, అబద్ధం కాదు, ఇలాంటి బళ్ళవాళ్ళంతా ఒకచోట కొన్ని రోజులు కలిసి ఉండే సమావేశమే కదా ర్యాలీ అంటే. కాకపోతే కొన్ని సంగతులు రిజిస్ట్రేషన్ ఫారం నింపే రోజుకే తెలిసుండాలి. గేటు దాటాక తెలిస్తే లాభం లేదు. ఇవాళ్టి రివ్యూలో ఎక్కువ సమయం వాటికే.

అసలు ఈ ర్యాలీలు ఎలా మొదలయ్యాయంటే, 1963 జూలై 20న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి మెయిన్ రాష్ట్రంలోని హింక్లీలో 26 కుటుంబాలు తమ కోచ్‌లు (మోటర్‌హోమ్‌లే) వేసుకుని కలిశాయి. ఫ్యామిలీ మోటర్ కోచ్ అసోసియేషన్, అదే ఎఫ్‌ఎంసీఏ, అక్కడ పుట్టింది. ఇప్పుడు పెద్ద ర్యాలీలన్నీ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో పెడతారు. జార్జియాలో పెర్రీ, వయోమింగ్‌లో జిలెట్ లాంటి చోట్ల అన్నమాట. మామూలు రోజుల్లో పశువుల ప్రదర్శనలు, గుర్రాల పోటీలు జరిగే మైదానాలు ఇవి. అక్కడ వందల బళ్ళు రెండు మూడు రోజుల్లో దిగుతాయి. క్యాంప్‌గ్రౌండ్‌లో మీకు అలవాటైన కరెంటు, కుళాయి, సూవర్ పైపు మూడూ ప్రతి బండి పక్కనా ఉంటాయని అనుకోకండి. రివ్యూ మొత్తానికి కీలకం ఇదే.

ఫారంలో పార్కింగ్ రకం అడుగుతారు. 50 యాంపులు, 30 యాంపులు, కొన్నిచోట్ల 20 యాంపులు, లేదంటే కరెంటే లేని డ్రై క్యాంపింగ్. డ్రైలో మళ్ళీ జనరేటర్ వేసుకునే వరసలు వేరు, వేసుకోకూడని వరసలు వేరు. 50 ముందే అయిపోతుంది. చాలామంది కొత్తవాళ్ళు "30 దొరికింది కదా, చాల్లే" అనుకుంటారు. చాలుతుందా? లెక్క చూద్దాం.

50 యాంపుల ప్లగ్గుకి నాలుగు కాళ్ళు. అందులో రెండు వేడి తీగలు (కరెంటు మోసుకొచ్చే 'హాట్' వైర్లు), ఒక్కోదాంట్లో 120 వోల్టుల దగ్గర 50 యాంపులు, మొత్తం 12,000 వాట్లు. 30 యాంపుల ప్లగ్గుకి మూడే కాళ్ళు, వేడి తీగ ఒక్కటే, 3,600 వాట్లు. పేరులో 50, 30 అని చూసి సగం కంటే ఎక్కువే వస్తుంది అనుకుంటాం, వచ్చేది మూడో వంతు కన్నా తక్కువ. పైగా గంటలకొద్దీ లాగే లోడు అయితే 24 యాంపుల దగ్గర ఆగడం మంచిది. ఇప్పుడు బండి వైపు చూడండి. రూఫ్ ఏసీ ఒక్కటి 13 నుంచి 15 యాంపులు. వాటర్ హీటర్‌ని కరెంటు మీద పెడితే 12. మైక్రోవేవ్ ఇంకో 12, 13. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్‌లో అన్నం వేడి చేస్తే ఎలాగోలా నెట్టుకొస్తుంది. అదే టైంకి హీటర్ కూడా ఆన్‌లో ఉందా, బ్రేకర్ పడిపోతుంది. అందుకని 30 మీద ఉన్నన్నాళ్ళూ వాటర్ హీటర్‌ని, గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ అయితే ఫ్రిజ్‌ని కూడా, ప్రొపేన్ మీదకి మార్చేయండి. ఫ్రిజ్ తినేది మూడు యాంపులే, కానీ అంచున ఉన్నప్పుడు ఆ మూడే బ్రేకర్‌ని పడేస్తాయి.

బ్రేకర్ పడితే మళ్ళీ వేసుకోవచ్చు. నిజంగా నష్టం చేసేది వోల్టేజీ పడిపోవడం. మధ్యాహ్నం మూడింటికి మైదానంలో అందరి ఏసీలూ ఒకేసారి తిరుగుతుంటాయి, మధ్యలో పొడవాటి తాత్కాలిక కేబుళ్ళు. 120 ఉండాల్సింది 108కో, 105కో దిగుతుంది. వోల్టేజీ తగ్గితే కంప్రెసర్ మోటారు తన పని చేసుకోవడానికి యాంపులు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది, వైండింగ్ కాలుతుంది. వట్టి సర్జ్ ప్రొటెక్టర్ దీన్ని ఆపదు, అది పిడుగులకీ ఒక్కసారిగా పెరిగే వోల్టేజీకీ మాత్రమే. కావాల్సింది తక్కువ వోల్టేజీకి కూడా లైను కోసేసే ఈఎంఎస్ అనే పరికరం. మంచివి 104 దగ్గర కోసేస్తాయి. ఒక్క వస్తువే కొనగలిగితే ఇది కొనండి.

ఇప్పుడు కెమెరాని పోస్టు దగ్గరికి, అంటే బళ్ళకి కరెంటు ఇచ్చే సాకెట్లున్న స్తంభం దగ్గరికి, తీసుకెళ్దాం. ముందు పోస్టు మీద బ్రేకర్ ఆఫ్ చేయాలి. సాకెట్ చూడండి, చీలికల చుట్టూ గోధుమరంగు మరక, ప్లాస్టిక్ కొంచెం కరిగినట్టు. అంటే లోపల పట్టు వదులైంది, ఇంతకుముందు వాడినవాళ్ళ ప్లగ్గు ఇక్కడే వేడెక్కింది. ఇలాంటి దాంట్లో పెట్టొద్దు, ర్యాలీ ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. సాకెట్ బాగుంటే ఈఎంఎస్ పెట్టి, బ్రేకర్ వేసి, రెండు నిమిషాలు ఆగండి. అది తనే పరీక్ష చేసుకుని కరెంటు వదులుతుంది. వోల్టేజీ చూశాకే ఏసీ. అరగంట తర్వాత వచ్చి ప్లగ్గు వెనకభాగం చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లోడు తగ్గించి సాకెట్ మార్పించండి.

ఇంకో తిరకాసు. 50 యాంపుల బండిని అడాప్టర్‌తో 30కి తగిలిస్తే, లోపల లోడు పంచే ప్యానెల్ ఉన్న కోచ్‌లు 240 రాలేదని గమనించి వాటంతట అవే 30 అనుకుంటాయి. అదే ప్లగ్గుని ఇంకో అడాప్టర్‌తో 20కి పెడితే మాత్రం దానికి తెలియదు, 30 అనే అనుకుంటుంది. ప్యానెల్ మీద 20 బటన్ మీరే నొక్కాలి. ఇన్వర్టర్ ఛార్జర్ రిమోట్‌లో బయటి కరెంటు ఎన్ని యాంపులో చెప్పే సెట్టింగ్ ఉంటుంది, అదీ తగ్గించాలి. లేదంటే డిశ్చార్జ్ అయిన బ్యాటరీలను ఛార్జ్ చేస్తూ ఛార్జర్ ఒక్కటే వాటా అంతా మింగేస్తుంది. "ఏమీ ఆన్ చేయలేదండీ, బ్రేకర్ పడుతోంది" అనే ఫిర్యాదులో చాలాసార్లు దొంగ ఇదే.

డ్రై తీసుకునేవాళ్ళకి లెక్క వేరే. గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉంటే సుమారు 220 యాంపియర్ అవర్లు. లెడ్ యాసిడ్ కాబట్టి సగమే వాడాలి, అంటే 110. రాత్రి చలికి ఫర్నేస్ (బండిని వెచ్చబరిచే గ్యాస్ హీటర్) ఫ్యాన్ తిరిగినప్పుడల్లా 8 యాంపులు, పది గంటల్లో నాలుగు గంటలు తిరిగినా 32 పోయాయి. లైట్లు, ఇన్వర్టర్ ఊరికే ఉన్నా తినేది, ఫోన్లు కలిపినా గ్యాస్ ఫ్రిజ్ ఉన్నవాళ్ళకి రాత్రి గడిచిపోతుంది. ఇంట్లో వాడే రకం ఫ్రిజ్ ఉన్న కోచ్ అయితే రోజుకి వంద యాంపియర్ అవర్లు ఆ ఫ్రిజ్‌కే కావాలి. లిథియం లేకుండా జనరేటర్ లేని వరస ఎంచుకోకండి. జనరేటర్ వేసేది పొద్దున్నే వేయండి. ఖాళీ బ్యాటరీ మొదట్లో గబగబా తీసుకుంటుంది, చివరి 20 శాతానికి గంటలు పడుతుంది. ఆ పని సోలార్‌కి వదిలేయండి.

జనరేటర్ గంటలు ర్యాలీ పుస్తకంలో రాసి ఉంటాయి, రాత్రి పదికి ఆపేయడం మామూలు. మోటర్‌హోమ్‌లో జనరేటర్ ఇంజను ట్యాంకులోంచే తాగుతుంది, కానీ దాని పైపు పావు ట్యాంకు దగ్గరే ఆగుతుంది, మీరు రోడ్డు మీద చిక్కుకోకుండా. కాబట్టి ముల్లు పావు దగ్గర ఉండగా జనరేటర్ ఆగిపోతే అది పాడవలేదు. ట్యాంకు నింపుకునే లోపలికి రండి. జిలెట్ లాంటి 4,500 అడుగుల ఎత్తులో గాలి పల్చన, ప్రతి వెయ్యి అడుగులకీ జనరేటర్ శక్తి మూడు శాతం పైగా పడుతుంది. ఇంటి దగ్గర రెండు ఏసీలు లాగింది కదా అని అక్కడా లాగుతుందనుకోకండి. పొగ గొట్టం కింద ఎండుగడ్డి ఉందేమో వంగి చూడండి, వేడికి అంటుకుంటుంది. బళ్ళ మధ్య ఎడం తక్కువ, పక్కవాళ్ళ పొగ మీ కిటికీలోకే వస్తుంది. ఆ వైపు కిటికీలు మూసేయండి, బయల్దేరే ముందే కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూడండి, దాని వెనక గడువు తేదీ కూడా.

నీళ్ళు. ఇద్దరు మనుషులు, 40 గ్యాలన్ల గ్రే ట్యాంకు (స్నానం, గిన్నెల నీళ్ళు చేరేది), నాలుగు రాత్రులు అనుకోండి. రోజుకి పది గ్యాలన్లు. తడుపుకుని, కుళాయి కట్టి, సబ్బు రాసుకుని, మళ్ళీ తిప్పితే స్నానానికి మూడు గ్యాలన్లు, ఇద్దరికీ ఆరు. గిన్నెలకి రెండు, చేతులు కడుక్కోవడానికీ పళ్ళు తోముకోవడానికీ రెండు. సరిగ్గా సరిపోయింది, దాచడానికి ఏమీ మిగల్లేదు. ట్యాంకులు ఖాళీ చేసే పంపింగ్ బండి వస్తుంది, డబ్బులు విడిగా, ముందురోజే పేరు రాయించాలి. బ్లాక్ ట్యాంకుని (టాయిలెట్ మురుగు చేరేది) పూర్తి పొడిగా తేవద్దు, రెండు మూడు గ్యాలన్ల నీళ్ళు ముందే పోసి ఉంచండి. లేదంటే టాయిలెట్ కింద కుప్పలా గట్టిపడి తర్వాత కడగడం నరకం.

లోపలికి వచ్చే పద్ధతి గురించి రెండే మాటలు. వెనక కారు లాక్కొస్తుంటే గేటు దగ్గర విప్పే స్థలంలోనే విప్పేయండి, నాలుగు చక్రాలూ నేల మీద ఉన్న కారుతో మోటర్‌హోమ్‌ని వెనక్కి నడపలేరు. స్నేహితుల పక్కన కావాలంటే వాళ్ళతో కలిసే గేటులోకి రావాలి, తర్వాత అడిగితే వాలంటీర్లు ఏం చేయలేరు. గడ్డినేల కాబట్టి బండిని సమంగా నిలబెట్టే జాకీల కింద అడుగు చదరం మందపాటి చెక్కలు పెట్టండి, వాన పడితే వట్టి జాకీ బురదలోకి దిగిపోతుంది. లెవెల్ కోసం వెనక చక్రాలు గాల్లోకి లేపొద్దు. పార్కింగ్ బ్రేక్ పట్టుకునేది వాటినే.

ఇక ర్యాలీలో డబ్బుకి తగిన ఫలితం ఎక్కడ అంటే, మా ఓటు తూకానికి. ఒక్కో చక్రాన్నీ విడిగా తూచే సౌకర్యం చాలా ర్యాలీల్లో ఉంటుంది, రుసుము కడితే చేస్తారు. హైవే పక్క ట్రక్కుల కాటా యాక్సిల్ (ఇరుసు) మొత్తమే చెబుతుంది. ముందు యాక్సిల్ పరిమితి 10,500 పౌండ్లు అనుకుందాం, కాటా మీద 10,200 వచ్చింది, హమ్మయ్య అనుకున్నాం. విడిగా తూస్తే ఎడమ 5,500, కుడి 4,700. సగటు 5,100 చూసి గాలి కొడితే ఎడమ టైరుకి ఎప్పుడూ గాలి తక్కువే. తక్కువ గాలి టైరు ఎక్కువ వంగుతుంది, వేడెక్కుతుంది, పక్కగోడ చిరుగుతుంది. టైరు కంపెనీ పట్టికలో బరువైన వైపుకి, అంటే 5,500కి, ఎంత గాలి రాసి ఉందో అదే రెండు వైపులా కొట్టాలి, టైరు చల్లగా ఉన్నప్పుడు. తూకానికి నీళ్ళు, ఇంధనం, ప్రొపేన్ నిండుగా, మనుషులు కూర్చునే వెళ్ళండి. 80 గ్యాలన్ల నీళ్ళే 665 పౌండ్లు. ఖాళీగా తూచిన బరువు మీరు ఎప్పుడూ నడపని బండిది.

టైరు దగ్గర వంగారు కదా, వయసు కూడా చూడండి. టైరు పక్కగోడ మీద డీఓటీ అనే అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు. 2319 అంటే 2019లో 23వ వారం. ఆ అంకెలు కొన్ని టైర్లకి లోపలి వైపే ఉంటాయి, టార్చి పట్టుకుని బండి కిందికి దూరాల్సిందే. అరుగుదల కనపడకపోయినా అయిదేళ్ళు దాటితే ఏటా నిపుణులకి చూపించాలి, పదేళ్ళకి ఎలా ఉన్నా తీసేయాలి.

సెమినార్లు బాగుంటాయి, అగ్నిప్రమాదాల మీద ఉంటే వదలొద్దు. అయితే కంపెనీవాళ్ళు చెప్పేదీ సభ్యులు చెప్పేదీ తేడా గమనించండి, మొదటిదాని చివర ఆర్డర్ ఫారం ఉంటుంది. అమ్మకాల హాలులో టైర్ల గాలి చెప్పే సెన్సర్లు, షాక్ అబ్జార్బర్లు, బ్యాటరీలకి ర్యాలీ ధర దొరుకుతుంది. ఛాసీ మోడల్, బ్యాటరీ పెట్టె పొడవు వెడల్పు ఎత్తు, టైరు సైజు ఫోన్‌లో రాసుకుని వెళ్ళండి. అక్కడే బిగించి ఇస్తామంటే చివరిరోజుకి మాత్రం ఒప్పుకోకండి. మొదటిరోజు బిగిస్తే లోపం మూడోరోజుకి బయటపడుతుంది, మనిషి ఇంకా హాలులోనే ఉంటాడు.

వెళ్ళే రోజు పొద్దున తొమ్మిదికి ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ దగ్గర బళ్ళ వరస మైదానం చివరిదాకా ఉంటుంది. ఆరున్నరకి వెళ్ళండి, లేదా మధ్యాహ్నం దాకా ఆగండి. బ్లాక్ ముందు వదిలి, గ్రే తర్వాత, ఆ సబ్బు నీళ్ళే పైపు కడుగుతాయి. కదిలే ముందు బండి చుట్టూ ఒక్కరే తిరగండి, ఎవరితో మాట్లాడకుండా. జాకీలు, యాంటెన్నా, మెట్లు, పోస్టు దగ్గర ఈఎంఎస్. చివరిదే అందరూ మర్చిపోయేది.