ద్రాక్షతోట కొనేముందు కాగితం ఎలా చదవాలి: శంషాబాద్ నుంచి నాసిక్ మీదుగా బోర్డో దాకా

నమస్తే అండి. ఆ, స్క్రీన్ రికార్డవుతోంది, సరే. ఈ రోజు మనం చూడబోయేది ద్రాక్షతోటలు, వైనరీలు, అంటే వైన్ తయారుచేసే చోట్లు. కొనాలన్నా, ఉన్నది అమ్మాలన్నా, ఏ ప్రాంతంలో ఏ కాగితం తీయాలి, అందులో ఏ గడి చదవాలి, అదీ సంగతి. హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని, ఇదిగో ఈ లాప్‌టాప్ మీదే చాలావరకు చూసుకోవచ్చు. తోట చూడ్డానికి రైలెక్కే ముందే చేయాల్సిన పని ఇది.

నేను ద్రాక్షపందిరి కింద పెరిగినదాన్ని అండి. శంషాబాద్ అవతల మాకు నాలుగెకరాల అనాబ్-ఎ-షాహి ఉండేది. పెద్ద పెద్ద పండ్లు, లేత ఆకుపచ్చ, లోపల గింజ. కోత రోజుల్లో పందిరి కింద గంపలు, గంపల్లో కాగితం పరిచి గుత్తులు పేర్చేవాళ్ళు. నాన్న ఆ తోట అమ్మేశారు. ఇప్పుడక్కడ ప్లాట్లు. ఆ అమ్మకం కాగితాలు చదివే వయసు నాకప్పుడు లేదు. ఇప్పుడు మాత్రం ఎవరు తోట అన్నా నేను ముందు కాగితం అడుగుతాను.

సరే, మన తెలంగాణతో మొదలుపెడదాం. ఇది త్వరగా చెప్పేస్తాను, మీలో చాలామందికి తెలిసిందే. భూ భారతి తెరవండి. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చింది. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబర్, ఇదిగో వచ్చేసింది. పట్టాదారు పేరు చూశాం, విస్తీర్ణం చూశాం, నిషేధిత జాబితాలో ఉందా లేదా చూశాం, ఈసీ, అంటే ఆ భూమి మీద అప్పులూ లావాదేవీలూ చూపే కాగితం, తీశాం. అంతే. మన దగ్గర వ్యవసాయ భూమి కొనాలంటే రైతే అయ్యుండాలన్న నిబంధన లేదు. ముందుకెళ్దాం.

ఆ, ఒక్క మాట. అమెరికా నుంచి మా కజిన్స్ ఫోన్ చేసి అడిగేది ఇదే. ఎన్నారైలు మన దేశంలో వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా, అంటే విదేశీ మారకపు చట్టం, ఒప్పుకోదు. తాతల నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మాలంటే ఇండియాలో ఉండే భారతీయుడికే అమ్మాలి. కాబట్టి "నా డబ్బు, అమ్మ పేరు మీద కొందాం" అనే ముందు ఒక సీఏతో కూర్చోండి. సరే.

ఇప్పుడు నాసిక్. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం.

మన దేశంలో వైన్ ద్రాక్ష అంటే ముందు నాసిక్, తర్వాత కర్ణాటకలో నంది హిల్స్ వైపు. మహారాష్ట్రలో వ్యవసాయ భూమి కొనాలంటే మీరు రైతు అని రుజువు చూపించాలి. అక్కడి కౌలుదారీ చట్టంలోనే ఉంది. మన పట్టాదార్ పాస్‌బుక్ పట్టుకెళ్ళి అడ్వాన్స్ ఇచ్చేయకండి. ఆ పాస్‌బుక్‌తో నేను కొనొచ్చా అని అక్కడి తహసీల్దార్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, జవాబు చేతికి వచ్చాకే బేరం. కర్ణాటకలో 2020లో ఈ అడ్డు తీసేశారు. అందుకే హైదరాబాద్ వాళ్ళు చాలామంది ఆ వైపు చూస్తున్నారు.

సరే, వెబ్‌సైట్. మహాభూలేఖ్ అని కొట్టండి, వస్తుంది. విభాగం నాసిక్, జిల్లా నాసిక్, తాలూకా దిండోరి, ఊరు. ఇక్కడ సర్వే నంబర్ అనకుండా గట్ నంబర్ అంటారు, అదే కొట్టండి. ఫోన్ నంబర్, క్యాప్చా. వచ్చేసింది. దీన్నే సాత్ బారా అంటారు, 7/12. గ్రామ నమూనా 7, గ్రామ నమూనా 12, రెండూ కలిపి ఒక కాగితం. ఊరికే చూడ్డానికి ఇది చాలు. డిజిటల్ సంతకం ఉన్న కాపీ కావాలంటే వేరే పేజీ ఉంది, కాపీకి 15 రూపాయలు. బేరం దాకా వచ్చాక అది తీసుకోండి.

మరాఠీ రాదు కదా అంటారేమో. లిపి హిందీదే, నెమ్మదిగా చదువుకోవచ్చు. నేనైతే ఫోన్‌లో లెన్స్ పెట్టి ఒకసారి అనువాదం చూస్తాను, కానీ గడుల పేర్లు మాత్రం మరాఠీలోనే గుర్తుపెట్టుకుంటాను. అనువాదం ఒక్కోసారి ఒక్కోలా చెప్తుంది, గడి పేరు మాత్రం ఎప్పుడూ అదే. స్క్రీన్ రెండుగా చేసుకోండి, విండోస్ బటన్ నొక్కి పట్టుకుని పక్క బాణం. ఎడమవైపు సాత్ బారా, కుడివైపు నేను లెక్కలు వేసుకునే షీట్. నేను అన్నీ ఇలాగే చేస్తాను.

ఇప్పుడు ఇక్కడ, ఇదిగో నా మౌస్ ఉన్న చోట, విస్తీర్ణం. ఏం రాసుంది? 1.20.00.

ఇక్కడ ఆగండి. వీడియో కూడా ఒకసారి ఆపండి, పర్వాలేదు. మన తెలంగాణ పాస్‌బుక్‌లో 1.20 అని ఉంటే ఏంటి? ఎకరం ఇరవై గుంటలు. అంటే ఎకరంన్నర. చిన్నప్పటి నుంచి మన కన్ను అలాగే చదువుతుంది. నాసిక్‌లో 1.20.00 అంటే ఒక హెక్టారు, ఇరవై ఆర్, సున్నా చదరపు మీటర్లు. ఆర్ అంటే హెక్టారులో నూరో వంతు. గుంట కాదు. ఎకరాల్లో దగ్గర దగ్గర మూడు.

నేను ఇక్కడే దెబ్బతిన్నాను అండి. మా మామయ్య రిటైరయ్యాక ఒక తోట కొనాలని ఎంతో ఆశపడ్డారు. దిండోరిలో ఒక తోట కాగితాలు వాట్సాప్‌లో వచ్చాయి, ధర మొత్తానికి చెప్పారు. లెక్క కోసం 90 లక్షలు అనుకోండి. నేను 1.20 చూశాను, ఎకరంన్నర అనుకున్నాను, ఎకరం 60 లక్షలు పడుతోంది, చాలా ఎక్కువ, వదిలేయండి మామయ్యా అన్నాను. ఆయన నా మాట మీద వదిలేశారు. నిజానికది ఎకరం 30 లక్షలే. రెండు నెలల తర్వాత వేరే కాగితం చదువుతుంటే ఆ పైన గడిలో "హే.ఆర్.చౌ.మీ." అని, అంటే హెక్టారు, ఆర్, చదరపు మీటర్లు అని, చిన్న అక్షరాల్లో కనిపించింది. అప్పటికి ఆ తోట వేరేవాళ్ళు కొనుక్కున్నారు. మామయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇంకా బాధ. ఈ వీడియో చేయడానికి సగం కారణం అదే.

అందుకే ఈ షీట్. చూడండి, మొదటి గడిలో హెక్టార్లు, రెండో గడిలో ఆర్. మూడో గడిలో ఫార్ములా: ఆర్‌ని వందతో భాగించి హెక్టార్లకు కలపాలి, మొత్తాన్ని 2.471తో గుణించాలి. 1.20ని 2.471తో గుణిస్తే 2.965. పక్క గడిలో ఆ దశాంశాన్ని 40తో గుణించాను, 38.6. అంటే రెండెకరాల ముప్పై ఎనిమిదిన్నర గుంటలు. ఇంకోసారి చెప్తాను, 1.20 అంటే అక్కడ రెండెకరాల ముప్పై ఎనిమిదిన్నర గుంటలు. ఎకరంన్నర కాదు. కర్ణాటక పహాణీలో మళ్ళీ ఎకరం, గుంటలే ఉంటాయి, మనలాగే. ఫార్ములా అక్కడ వాడకండి.

విస్తీర్ణం కిందే పోట్ ఖరాబ్ ఉంటుంది. మన పహాణీల్లో కూడా ఉన్న మాటే. సాగుకు పనికిరాని భాగం, బండో వాగో. దానికి కూడా తోట రేటు కట్టకండి.

ఇక కుడివైపు, "ఇతర్ అధికార్" గడి, అంటే ఇతర హక్కులు. అప్పు ఉంటే ఇక్కడ "బోజా" అని రాసి బ్యాంకు పేరో, సొసైటీ పేరో, ఎంత మొత్తమో ఉంటుంది. బోజా అంటే బరువు, మనకూ తెలిసిన మాటే. ద్రాక్షతోట మీద అప్పు ఉండటం తప్పేమీ కాదు, పంట అప్పు లేని తోట అరుదు. తీర్చిన తర్వాత ఈ గడిలోంచి తీయించారా లేదా, అదీ చూడాల్సింది. బావిలో వాటా కూడా ఇక్కడే కనిపిస్తుంది. "విహీర్" అంటే బావి. అన్నదమ్ములు పంచుకున్న తోటల్లో బావి ఒకరి గట్‌లో ఉంటుంది, నీళ్ళ హక్కు నలుగురికి ఉంటుంది. మీకొచ్చే వాటా ఎంతో అమ్మేవాళ్ళ చేత ఒప్పందంలో రాయించండి. కింద "ప్రలంబిత్ ఫేర్‌ఫార్" అని ఇంకో వరస. పెండింగ్ మ్యుటేషన్, అంటే రికార్డులో ఇంకా తేలని మార్పు. "నాహీ" అంటే ఏదీ లేదు. నంబర్ ఉంటే ఎవరో ఏదో మార్పుకి దరఖాస్తు చేశారన్నమాట, అక్కడే ఆగండి. రిజిస్ట్రేషన్ల వివరాలకు ఇండెక్స్-2 అడగాలి, అది లాయర్‌కే వదిలేయండి, 30 ఏళ్ళ సెర్చ్ రిపోర్ట్ తీసిస్తారు.

కాగితం బాగుంటే అప్పుడు తోటకి వెళ్ళండి. ఎప్పుడు వెళ్ళాలి? అమ్మేవాళ్ళు జనవరి, ఫిబ్రవరిలో రమ్మంటారు, గుత్తులు వేలాడుతుంటాయి, ఎవరికైనా మనసు లాగుతుంది. నేను ఏప్రిల్ కత్తిరింపు తర్వాత వెళ్ళమంటాను. మన వైపు ద్రాక్షకి ఏడాదికి రెండు కత్తిరింపులు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో పంట కోసం ఒకటి. ఏప్రిల్‌లో కత్తిరించాక ఆకుండదు, దాచడానికేం ఉండదు. వరసలో ఎన్ని తీగలు చచ్చాయో లెక్కపెట్టొచ్చు. కింద కూర్చుని కాండం చూడండి. నేలకి కాస్త పైన ఉబ్బెత్తుగా ఒక కణుపు ఉంటుంది, అక్కడే అంటు కట్టారు. కింద ఉన్నది వేరుమూలం, డాగ్రిడ్జ్ లాంటివి, ఉప్పునేలను, నీటి ఎద్దడిని తట్టుకోవడానికి. ఆ కణుపు మట్టిలో కూరుకుపోతే పై రకమే వేళ్ళు వేసేస్తుంది, అప్పుడు వేరుమూలం వల్ల ఉపయోగం తగ్గిపోతుంది. బెరడు కొంచెం లేపి చూడండి. రంపపు పొట్టులాంటిది రాలితే లోపల కాండం తొలిచే పురుగు ఉంది.

రకం కూడా అడగండి. థాంప్సన్ అయితే తినే ద్రాక్ష, మార్కెట్‌కి వెళ్తుంది, ఎండబెడితే కిస్‌మిస్. షిరాజ్, చెనిన్ బ్లాంక్ లాంటివి వైన్‌కే. వైనరీ కొనకపోతే వాటిని మార్కెట్‌లో అడిగేవాళ్ళుండరు. 2009 తర్వాత నాసిక్‌లో వైన్ అమ్మకాలు పడిపోయి, కొనేవాళ్ళు లేక రైతులు వైన్ తీగలు పీకేసుకున్నారు. కాబట్టి వైనరీతో ఒప్పందం ఉందా, ఉంటే యజమాని మారినా నడుస్తుందా, ఆ కాగితం చూడండి. మీరే అమ్మేవాళ్ళయితే వైనరీ చెల్లింపుల రశీదులు, కత్తిరింపు తేదీలు, నేల పరీక్ష రిపోర్టు ఒక ఫైల్‌లో పెట్టుకోండి. అవి చూపించగలిగిన తోటకి ధర అడగడానికి ధైర్యం ఉంటుంది.

వైనరీ కొనడం వేరే సంగతి. భూమి, ట్యాంకులు, ట్యాంకుల్లో ఉన్న వైన్, బ్రాండ్, ఎక్సైజ్ లైసెన్సు, ఇవన్నీ విడివిడి. భూమి రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన లైసెన్సు మీ పేరుకి రాదు. అందుకే పెద్ద సంస్థలు కంపెనీనే కొంటాయి, 2021లో సులా అనే వైన్ కంపెనీ యార్క్ వైనరీని కొన్నట్టు. కానీ కంపెనీని కొంటే దాని అప్పులూ, కేసులూ కూడా మీవే.

విదేశాల సంగతి త్వరగా చెప్తాను. ఇక్కడ ఉండేవాళ్ళు ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి 2.5 లక్షల డాలర్ల దాకా బయటికి పంపొచ్చు. ఫ్రాన్స్‌లో హెక్టారుకి ధర చూస్తే ఆశ్చర్యపోతారు. షాంపేన్‌లో పది లక్షల యూరోలు దాటుతుంది, బోర్డో ప్రాంతంలో మామూలు రెడ్ వైన్ తోట పది వేల లోపే. ఆ పది వేలు చూసి చవక అనుకోకండి. వైన్ అమ్ముడుపోక బోర్డోలో 2023లో తీగలు పీకేసినందుకు హెక్టారుకి 6,000 యూరోలు ఇచ్చే పథకం పెట్టారు. అక్కడ ఇంకో పద్ధతి ఉంది. మీరు బేరం కుదుర్చుకున్నా నోటరీ ఆ సంగతి వ్యవసాయ భూముల అమ్మకాలు చూసే సఫేర్ అనే సంస్థకి చెప్పాలి. వాళ్ళకి రెండు నెలల గడువు ఉంటుంది, కావాలంటే మీకంటే ముందు వాళ్ళే కొనొచ్చు. తోట కౌల్లో ఉంటే కౌలురైతుకీ ముందు హక్కు ఉంటుంది. మనకి కౌలురైతు పేరు కాగితాల్లోకి ఎక్కడమే కష్టం, అక్కడ అతన్ని అడగకుండా అమ్మకం సాగదు. నాకది చాలా నచ్చింది. ఖాళీ భూమి కొని తీగలు నాటుకుందామన్నా కుదరదు, యూరోపియన్ యూనియన్‌లో వైన్ తీగ నాటడానికి ముందుగా అనుమతి కావాలి. కాలిఫోర్నియా నాపాలో 1968 నుంచే లోయని వ్యవసాయానికి రిజర్వ్ చేశారు, ప్లాట్లు వేయనివ్వరు. అది చదివినప్పుడు నాకు శంషాబాదే గుర్తొచ్చింది.

సరే, చివరిగా ఒకటి లైవ్‌లో చూద్దాం. మామయ్యకి ఇంకో తోట చెప్పారు, నిన్ననే గట్ నంబర్ పంపారు. నేనూ ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాను. కొడుతున్నా... వచ్చింది. పేరు బ్లర్ చేస్తాను. విస్తీర్ణం 0.81.00. షీట్‌లో వేద్దాం, 0, 81... 2.00 ఎకరాలు. పోట్ ఖరాబ్ లేదు. ఇతర్ అధికార్, సొసైటీ బోజా ఒకటి ఉంది. విహీర్, ఉంది, వాటా రాయలేదు. కింద ప్రలంబిత్ ఫేర్‌ఫార్... నంబర్ ఉంది. సరే, ఈ నంబర్ రాసుకుంటున్నా. మామయ్య సోమవారానికి టికెట్ బుక్ చేసుకున్నారు, ఇప్పుడే ఫోన్ చేసి క్యాన్సిల్ చేయమంటాను. ముందు లాయర్ చేత ఈ ఫేర్‌ఫార్ ఏంటో కనుక్కుందాం.