దొరకని సెలవు ఎటు పోతుంది?

అందరికీ నమస్కారం. రాయగడలో మన తెలుగువాళ్లం ఇంతమందిమి కలిశాం, అందులో బ్యాంకువాళ్లే ఎక్కువ కనిపిస్తున్నారు. అందుకే ఈ మాట ఇక్కడే చెప్పాలనిపించింది. కౌంటరు ఖాళీగా ఉంటే జనం "సారు మళ్లీ ఎగ్గొట్టాడు" అంటారు. ఈ చుట్టుపక్కల బ్రాంచీల్లోనే పనిచేసి రిటైరైనవాణ్ణి, ఆ మాట వింటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

గుణుపురం దారిలో ఒక చిన్న బ్రాంచికి నేను మేనేజర్ని. మొత్తం నలుగురం. స్ట్రాంగ్ రూముకి రెండు తాళంచెవులు, ఒకటి నా దగ్గర, ఒకటి క్యాషియరు దగ్గర. రెండూ తిరిగితేనే తలుపు తెరుచుకుంటుంది. వానలు వెనకబట్టాయి, మలేరియా రోజులు. ఒంట్లో బాగాలేదు, 2 రోజులు సెలవు కావాలని క్యాషియరు అడిగాడు. పింఛన్ల రద్దీ, బదులు పంపమంటే మనిషి లేడన్నారు. "ఈ వారం గడవనీ బాబూ" అన్నాను. సోమవారం పొద్దున దుప్పటి కప్పుకుని బస్సు దిగాడు. పళ్లు టకటకలాడుతున్నాయి. తాళంచెవి నా చేతిలో పెట్టాడు, ఆ ఇనుము వేడిగా ఉంది. రిజిస్టరులో సంతకం పెట్టి బెంచీ మీదే ఒరిగిపోయాడు. మళ్లీ 18 రోజులకు వచ్చాడు. తప్పు నాది. ఆ రోజు నేను కాదన్న 2 రోజులే అవి.

క్యాజువల్ లీవులు ఏడాదికి 12. కాగితం మీద ఉన్నాయి. అడిగిన రోజున దొరికేవి ఎన్నో మీకు తెలుసు. దొరకని సెలవు ఎక్కడికీ పోదండీ, సిక్ లీవై తిరిగొస్తుంది. అప్పుడు పక్క సీటమ్మాయి రెండు కౌంటర్లు చూస్తుంది, క్యాష్ ట్యాలీ అయ్యేసరికి చీకటి పడుతుంది. వారం తిరిగేసరికి ఆవిడా మంచం పడుతుంది.

ఇల్లు విజయనగరంలోనో బొబ్బిలిలోనో, ఉద్యోగం ఇక్కడ. పిల్లాడికి జ్వరమొస్తే సోమవారం పొద్దున బండెక్కడం ఎవరి వల్ల అవుతుంది? ఊరికే మానేసేవాళ్లు లేరనను, ఉన్నారు. ఆ ఒకరిద్దరిని చూపించి మిగతా అందరినీ అనకండి.

రిజర్వ్ బ్యాంకు 2021లో ఒక ఆదేశం ఇచ్చింది. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లను ఏడాదికోసారి, ముందు చెప్పకుండా, వరసగా కనీసం 10 పనిదినాలు సెలవులో పంపాలి. మోసాలేమైనా ఉంటే బయటపడాలని ఆ నియమం. మంచిదే. అంటే అంత ముఖ్యమైన మనిషి లేకపోయినా 10 రోజులు పని నడుస్తుందనే కదా! మరి కూతురికి బాగాలేదని 2 రోజులు అడిగితే బ్రాంచి ఎందుకు ఆగిపోతుంది? డబ్బు మీద అనుమానం ఉంటే బదులు మనిషి దొరుకుతున్నాడు, జ్వరమొస్తే మాత్రం దొరకడం లేదు.

ఇక్కడ మేనేజర్లు కూర్చున్నారు, మీకో పని చెప్తాను. హాజరు పట్టీ పక్కన ఇంకో నోటుబుక్కు పెట్టండి. కాదన్న ప్రతి సెలవూ తేదీతో, మీరు చెప్పిన కారణంతో రాయండి. క్యాషియరు సంగతి జరిగాక నేను మొదలుపెట్టాను, చివరి రోజు దాకా రాశాను. కాదన్న చాలా సెలవుల పక్కన కొద్ది రోజులకే సిక్ లీవు తేదీ ఉంటుంది. పుస్తకం తెచ్చాను, పేర్ల మీద కాగితం అంటించాను. మీటింగయ్యాక ఈ బల్ల మీదే ఉంటుంది, ఒకసారి తిరగేయండి.